స్టీరింగ్ డ్యాంపర్: మట్టిదారి బండికి ఎప్పుడు అక్కరకొస్తుంది?

మట్టిదారిలో వేగం పెరిగి హ్యాండిల్ గడగడా వణికిందంటే చాలామంది మొదట వెతికేది స్టీరింగ్ డ్యాంపర్‌నే, అంటే హ్యాండిల్ విసురుగా తిరగకుండా అడ్డుపడే నూనె డబ్బానే. డబ్బు పోసి బిగిస్తే వణుకు తగ్గుతుంది. కానీ తగ్గింది వణుకే, దాని కారణం ఎక్కడికీ పోదు. పెట్టిన ఖర్చు గిట్టుబాటయ్యేది వాబ్లింగు (వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ వణకడం) దగ్గర కాదు, రాళ్ల దగ్గర.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ వాలుగా ఉంటుంది కదా. హ్యాండిల్ ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఈ దూరమే ట్రెయిల్. ఆఫ్‌రోడ్ బళ్లలో ఇది సుమారు 11 సెం.మీ. ఉంటుంది. చక్రం పక్కకు తిరగబోతే నేల దాన్ని మళ్లీ సూటిగా లాగేది దీనివల్లే. ఇప్పుడు 21 అంగుళాల ముందు చక్రం 10 సెం.మీ. ఎత్తున్న రాయికి తగిలిందనుకోండి. టైరుతో కలిపి చక్రం వ్యాసార్ధం 35 సెం.మీ., ఫోర్క్ వాలు 27 డిగ్రీలు అనుకుంటే, రాయి అంచు టైరును తాకేది స్టీరింగ్ అక్షానికి దాదాపు 17 సెం.మీ. ముందు. అక్కడితో లెక్క తారుమారవుతుంది: పక్కనుంచి తగిలిన దెబ్బ చక్రాన్ని సరిచేయడం మాని ఇంకా తిప్పేస్తుంది. ఆ రాయి పక్కవాటుగా 300 న్యూటన్లతో నెట్టితే హ్యాండిల్ మీద 50 న్యూటన్-మీటర్ల మెలి పడుతుంది. 80 సెం.మీ. హ్యాండిల్ పట్టుకున్న ఒక్కో చేతికి ఆరు కిలోల పైచిలుకు. బరువుగా చూస్తే పెద్దదేం కాదు. చిక్కంతా అది వచ్చే తీరులో ఉంది. మనిషి స్పందించడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, ఆలోపే హ్యాండిల్ తిరిగిపోతుంది. ఏ బేరింగు మార్చినా, ఏ స్ప్రింగు సర్దినా ఈ దెబ్బ తప్పదు.

డ్యాంపర్ పనిచేసేది ఇక్కడే. ఎక్కువగా కనిపించే రోటరీ రకంలో నూనె నిండిన చిన్న డబ్బా, అందులో ఒక రెక్క ఉంటాయి. హ్యాండిల్ తిరిగితే రెక్క నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టాలి. మెల్లగా తిప్పితే నూనె తేలిగ్గా జారుకుంటుంది, విసురుగా తిప్పితే ఎదురు తిరుగుతుంది. తలుపు ధబీమని పడకుండా ఆపే డోర్ క్లోజర్‌ది కూడా ఇదే సూత్రం. స్టెమ్ (ఫోర్క్ తిరిగే ఇరుసు) నట్టు గట్టిగా బిగించి డ్యాంపర్ ఖర్చు మిగిలిందనుకునేవాళ్లూ ఉన్నారు. అది ఉత్త రాపిడి. మెల్లగా తిప్పినా విసురుగా తిప్పినా అంతే పట్టు పడుతుంది, పైగా స్టెమ్ బేరింగు గిన్నెల్లో గుంటలు పడతాయి.

ఇక వాబ్లింగు సంగతి. డ్యాంపర్ బిగించే ముందు బండిని స్టాండు మీద పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపండి. ఫోర్క్ అడుగు భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమందంటే స్టెమ్ బేరింగు వదులైనట్టే. హ్యాండిల్‌ను మధ్య నుంచి కొద్దిగా కదిపి వదిలితే అటో ఇటో నింపాదిగా వాలాలి. మధ్యలో అంటుకుపోతే గిన్నెల్లో గుంట పడిందని అర్థం. డ్యాంపర్ ఉన్న బండికైతే ఈ పరీక్ష దాని చెయ్యి (డబ్బాను ఫ్రేముకు కలిపే కడ్డీ) విప్పాకే చేయాలి, లేకపోతే అది లోపాన్ని కప్పేస్తుంది.

తర్వాత చూడాల్సింది శాగ్, అంటే మనిషి బరువుకు సస్పెన్షన్ ఎంత దిగుతుందనేది. 300 మి.మీ. ప్రయాణం ఉన్న వెనక సస్పెన్షన్ మనిషి ఎక్కాక 100–105 మి.మీ. దిగాలి. అంతకంటే తక్కువ దిగితే వెనక ఎత్తు పెరిగి, ఫోర్క్ నిటారై, ట్రెయిల్ తగ్గుతుంది. ఫోర్క్ గొట్టాలను వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో మరీ పైకి తోసినా ఫలితం అదే. వాటిని 5 మి.మీ. కిందికి దించితేనే వణుకు పోయే బళ్లు ఎన్నో. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టే చట్రం) బేరింగు, దాన్ని షాక్‌కు కలిపే లింకేజీ అరుగుదల కూడా చూడాలి. నా మాటైతే, వణుకు కోసం డ్యాంపర్ గురించి ఆలోచించాల్సింది ఇవన్నీ సరిచేశాక కూడా వేగంలో వణికితేనే. కంపెనీలే డ్యాంపర్ ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి: 2008 హోండా సీఆర్‌ఎఫ్450ఆర్ ఒకటి. చురుగ్గా తిరిగేలా బండిని మలిచినప్పుడు స్థిరత్వాన్ని ఇలా పూడ్చుకోవచ్చు.

ఎక్కువ బిగిస్తే ఇంకో తంటా. స్టీరింగ్ డ్యాంపర్ హ్యాండిల్ వణుకును అణచినా, బండి మొత్తం పాములా మెలికలు తిరిగే ఊపును పెంచగలదని మోటార్‌సైకిళ్ల స్థిరత్వాన్ని అధ్యయనం చేసిన ఆర్. ఎస్. షార్ప్ 1971లోనే గణితంతో చూపించాడు. అందుకే డ్యాంపర్ బిగువు సర్దే మర క్లిక్కులన్నీ పూర్తిగా వదిలేసి మొదలుపెట్టి, రెండేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. ప్రతిసారీ నడక వేగంలో సూటిగా నడిపి చూడండి. బండి అటూ ఇటూ తూలుతూ, మీరు సర్దుతూ పోవాల్సొస్తే రెండు క్లిక్కులు వెనక్కి తిప్పండి. కొన్ని డ్యాంపర్లలో హ్యాండిల్ మధ్య నుంచి బయటికి పోయేటప్పుడే అడ్డు ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు వదులుగా ఉంటుంది. బిగువైన మలుపులకు ఆ రకం నయం. చెట్ల మధ్య నెమ్మదిగా సందులు దూరేవాళ్లకూ, ట్రయల్స్ (కాలు కింద పెట్టకుండా అడ్డంకులు దాటే పోటీ) ఆడేవాళ్లకూ ఏదైనా సరే దండగే. రాళ్ల వాగులు, ఎడారి వేగాలు, రోజంతా సాగే ఎండ్యూరో (దూరపు మట్టిదారి పోటీ) అయితే మణికట్లకూ ముంజేతులకూ తేడా తెలుస్తుంది.

బిగింపులో తప్పులు మామూలే. హ్యాండిల్ కింద పెట్టే రకం హ్యాండిల్‌ను పైకి లేపుతుంది, క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం చాలవు. అటు చివర నుంచి ఇటు చివరకు తిప్పి ఏదీ నలగలేదని, డ్యాంపర్ చెయ్యి ఎక్కడా పట్టేయలేదని చూసుకోవాలి. ఫ్రేముకు బిగించిన పిన్ను ఆ చేతి గాడిలో ఆడుతుంది. గాడి అరిగినా, ఫ్రేము క్లాంపు వదులైనా, నూనెలో గాలి చేరినా మధ్యలో కొన్ని డిగ్రీల ఖాళీ ఏర్పడుతుంది. హ్యాండిల్ వణుకు పుట్టేది సరిగ్గా ఆ ఖాళీలోనే. అక్కడ హ్యాండిల్ కదిలినా డ్యాంపర్ అడ్డుపడకపోతే, ఎన్ని క్లిక్కులు తిప్పినా ప్రయోజనం లేదు. ఆ ఖాళీకి కారణమైనదాన్నే సరిచేయాలి.