నాన్న నడుము రిపోర్టు, అమ్మలు ఎక్స్‌రే

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న ఎమ్మారై రిపోర్టును మీరు ఫోటో తీసి పంపారు. కింద ఏడుపు మొహాలు కూడా పెట్టారు. డీజనరేషన్ అంటే నాన్న వెన్నెముక పాడైపోయినట్టేనా, ఆపరేషన్ తప్పదా అని చిన్నోడి ప్రశ్న. అమ్మలుకి ఇంకో టెన్షన్. స్కూల్లో వంగమని చూసిన డాక్టరుగారు వెన్ను పక్కకి వంగినట్టుంది, ఎక్స్‌రే తీయించమన్నారు కదా. ఫోనులో చెబితే సగం విని ఎవరి పనిలో వాళ్లు పడతారు. అందుకే ఉత్తరం. ఉద్యోగమంతా ఫిజియోథెరపీలోనే గడిచింది కాబట్టి ఈ విషయం మీద నాకు మాటలు కాస్త ఎక్కువే. ఓపిక పట్టండి.

ముందు అక్కడ ఏముందో తెలుసుకోండి. మెడలో 7 పూసలు, పక్కటెముకలు అతుక్కునే వీపు భాగంలో 12, నడుములో 5. (జిరాఫీకి కూడా మెడలో ఏడే. ఒక్కొక్కటీ బాగా పొడుగు, అంతే.) వాటి కింద ఇంకో ఐదు పూసలు పెద్దయ్యేసరికి అతుక్కుపోయి ఒకే ఎముక అవుతాయి. చివర చిన్న తోకెముక. కదిలే పూసల మధ్య ఉండేవే డిస్కులు, మొత్తం 23. డిస్క్ లోపల నీరు బాగా పట్టి ఉండే మెత్తటి గుజ్జు, దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టి పీచు. పగలంతా మన బరువు పడి కొంచెం నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటుంది. పొద్దున లేవగానే గోడకి ఆనుకుని గీత గీసుకోండి, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ కొలుచుకోండి. సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. వ్యోమగాములకి అంతరిక్షంలో వెన్ను మీద బరువు పడదు కాబట్టి అక్కడున్నన్నాళ్లూ కొన్ని సెంటీమీటర్లు పొడుగవుతారు కూడా.

పూసల వెనక ఉన్న దారిలో వెన్నుపాము దిగుతుంది. అది చివరిదాకా రాదు. పెద్దవాళ్లలో నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి కిందికి నరాలు కట్టగా దిగుతాయి. నాన్నకి తేడా కనిపించింది నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య. అక్కడ వెన్నుపాము లేనే లేదు, నరాలే ఉన్నాయి.

ఇక రిపోర్టు. అందులో "డెసికేషన్" అని ఉంది, అంటే డిస్కులో నీరు తగ్గిందని. "బల్జ్" అంటే డిస్క్ అంచు కొంచెం బయటికి ఉబ్బిందని. "డీజనరేటివ్ మార్పులు" అంటే వయసుతో వచ్చిన అరుగుదల. చదివితే ఇల్లు కూలిపోతున్నట్టే ఉంటుంది. కానీ 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. నడుము నొప్పి అసలు లేని 3,110 మంది స్కానింగులను పరిశీలించిన 33 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలో కూడా 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. ఉబ్బు అయితే ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. ఇంటి ఫోటో తీస్తే గోడల బీటలు కనిపిస్తాయి గానీ, లోపల ఎవరు పోట్లాడుకుంటున్నారో కనిపించదు. ఎమ్మారై కూడా అంతే. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, కాలిలో బలం తగ్గుతోందా, ఇవి తెలిసిన డాక్టరు చేతిలో ఉంటేనే ఆ ఫోటోకి అర్థం. అందుకే ఒట్టి నడుము నొప్పికి మొదటి వారంలోనే స్కానింగుకి పరుగెత్తడం నాకు నచ్చదు. లేని భయం కొని తెచ్చుకోవడమే.

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో చాలామందికి ఫలానా చోట ఫలానా లోపం అని వేలుపెట్టి చూపించలేం. కండరం, కీలు, డిస్క్, నిద్రలేమి, దిగులు, రోజంతా కదలకుండా కూర్చోవడం, అన్నీ కలిసి వచ్చే నొప్పి అది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మళ్లీ వస్తే రావచ్చు కూడా.

నాన్నది మాత్రం అలాంటిది కాదు. వాడికి నడుముకన్నా కాలే ఎక్కువ బాధపెడుతోంది. పిరుదు దగ్గర మొదలై, తొడ వెనకగా దిగి, పిక్క దాటి పాదందాకా జివ్వుమని లాగుతోంది. దగ్గితే, తుమ్మితే ఎక్కువవుతోంది. ఇది సయాటికా. డిస్క్ చుట్టూ ఉన్న పీచు ఒకచోట చిరిగి, లోపలి గుజ్జు బయటికి వచ్చి పక్కనున్న నరానికి తగిలింది. డిస్క్ జారిందని అంటుంటారు గానీ అది ఉన్నచోటే ఉంటుంది, లోపలిదే బయటికి వస్తుంది. ఒత్తిడి ఒక్కటే కాదు, ఆ గుజ్జు తగిలినచోట నరం వాస్తుంది కూడా, మంట అందుకే. కాలి నొప్పికి కారణం డిస్క్ కావచ్చని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు రాసిన వ్యాసంతో అందరికీ గట్టిగా తెలిసింది.

డాక్టరుగారు నాన్నని మడమల మీద నడవమన్నారు, మునివేళ్ల మీద నడవమన్నారు, బొటనవేలు పైకెత్తి పట్టుకోమన్నారు, అది చూసి మీరు నవ్వారట. ఏ నరానికి దెబ్బ తగిలిందో తెలిసేది ఆ ఆటలోనే. బొటనవేలు పైకి లేవకపోతే ఒక నరం, మునివేళ్ల మీద నిలబడలేకపోతే దాని కింది నరం. నాన్న అన్నీ చేయగలిగాడు. అంటే నరం ఏడుస్తోంది గానీ పని మానలేదు. రిపోర్టు మొత్తంలో లేని మంచి కబురు ఇదే.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. బయటికి వచ్చిన గుజ్జును ఒంట్లోని రక్షక కణాలు పరాయి వస్తువులాగా చూసి, మెల్లగా కొరుక్కుతిని తీసేస్తాయి. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కానింగు తీస్తే చాలామందిలో అది చిన్నదైపోయి కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే పెద్దగా బయటపడ్డ ముక్కే త్వరగా కరిగే అవకాశం ఎక్కువ. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలి నొప్పి బాగా దిగుతుంది. 2007లో నెదర్లాండ్స్ డాక్టర్లు తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి త్వరగా ఆపరేషన్. రెండో జట్టుకి మందులు, వ్యాయామం, కావాలంటే తర్వాత ఆపరేషన్. ఆపరేషన్ జట్టుకి నొప్పి చాలా త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. రెండో జట్టులో 39 శాతం మంది మాత్రం ఓపిక పట్టలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. కాబట్టి ఆపరేషన్ చెడ్డదీ కాదు, తప్పనిసరీ కాదు. నొప్పి నిద్రపోనివ్వకపోతే, వారాల తరబడి తగ్గకపోతే, కాలిలో బలం తగ్గుతూ వస్తే అప్పుడు దాని అవసరం. చిన్న కోత పెట్టి, నరానికి తగులుతున్న ముక్కను మాత్రం తీసేస్తారు. చాలామంది ఆ రోజో మర్నాడో లేచి నడుస్తారు.

అందాకా నాన్న చేయాల్సింది, మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. మంచానికి అతుక్కుపోనివ్వకండి. ఒకటి రెండు రోజులు పడుకుంటే తప్పులేదు, వారాలు పడుకుంటే కండ కరిగిపోతుంది, భయం పెరుగుతుంది. కొంచెంసేపు నడక, కొంచెంసేపు పడక, మళ్లీ నడక. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే. వాటితో కడుపుకీ కిడ్నీలకీ ఇబ్బంది రావచ్చు. నరం పక్కన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాలు ఊరటనిస్తుంది, డిస్కును మాత్రం బాగుచేయదు. ఇక నడుం బెల్టు. దీర్ఘకాలం సాగే నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుమును లాగడం) మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. అయినా ప్రతి ఇంటి బీరువాలో ఒకటి ఉంటుంది. నాన్న కొన్నది కూడా అక్కడికే చేరుతుంది, చూస్తూ ఉండండి.

అమ్మలూ, ఇప్పుడు నీ సంగతి. నువ్వు అడగకపోయినా తెలుసు, స్కూల్ బ్యాగు వల్లేనా, వంగి ఫోను చూడటం వల్లేనా అని లోపల మథనపడుతున్నావు. కాదు. నువ్వు చేసిన ఏ పని వల్లా వచ్చింది కాదు. దీన్ని స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసు పిల్లల్లో ఎక్కువగా ఫలానా కారణమని చెప్పలేని రకమే ఉంటుంది, కొన్ని కుటుంబాల్లో కాస్త ఎక్కువ. పూసలు పక్కకి వంగడమే కాదు, తమచుట్టూ తాము కొంచెం తిరుగుతాయి. వాటితోపాటు పక్కటెముకలూ తిరుగుతాయి. అందుకే ముందుకి వంగినప్పుడు వీపు ఒకవైపు ఎత్తుగా కనిపిస్తుంది. డాక్టరుగారు చూసింది అదే.

ఎక్స్‌రేలో ఒంపు ఎంతో డిగ్రీల్లో కొలుస్తారు. పది డిగ్రీలు దాటితేనే దానికి స్కోలియోసిస్ అని పేరు. ఆ అంకెతోపాటు ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉందన్నది ముఖ్యం, ఎందుకంటే పొడుగయ్యే రోజుల్లోనే ఒంపు పెరుగుతుంది. తుంటి ఎముకను ఎక్స్‌రేలో చూసి అది అంచనా వేస్తారు. 25 లోపల ఉంటే సాధారణంగా కొన్ని నెలలకోసారి చూస్తూ ఉంటారు. ఎదుగుదల బాగా మిగిలి ఉండి 25కీ 40కీ మధ్య ఉంటే బ్రేస్ వేస్తారు, అంటే ఒంటిచుట్టూ బిగించే గట్టి చట్రం. 45, 50 దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఎక్కువమంది పిల్లలకి ఆ అవసరమే రాదు.

బ్రేస్ దాకా వస్తే మాత్రం నా మాట విను. అది ఉన్న ఒంపును సరిచేసేది కాదు, ముదరకుండా ఆపేది. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మంది ఆపరేషన్ గీత దాకా వెళ్లలేదు. వేసుకోనివాళ్లలో 48 శాతం. ఇంకా లోతుగా చూస్తే, రోజుకి సగటున 13 గంటలు, ఆ పైన వేసుకున్నవాళ్లలో 90 శాతం దాటింది. అంటే బ్రేస్ బీరువాలో ఉంటే లాభం లేదు, ఒంటిమీద ఉండాలి. బిగుతుగా ఉంటుంది, చెమట పోస్తుంది, క్లాసులో ఎవరో ఒకరు ఏదో అంటారు. అది చిన్న కష్టమని నేననను. ఆటలప్పుడు తీసేయొచ్చా అని డాక్టరుగారిని నువ్వే అడుగు. చాలామంది ఒప్పుకుంటారు.

చిన్నోడా, నీకు ఏమీ లేదు గానీ ఫాస్ట్ బౌలింగ్ మానవు కాబట్టి ఒకటి చెబుతాను. ఫాస్ట్ బౌలర్లు, జిమ్నాస్టులు నడుమును పదే పదే వెనక్కి విరుస్తారు. దానివల్ల నడుములోని చివరి పూస వెనక భాగంలో సన్నటి పగులు రావచ్చు. వెనక్కి వంగితే ఒకవైపు పోటు పొడిచి, వారాలు గడిచినా తగ్గకపోతే దాచకు. కొన్ని నెలలు బంతి పక్కన పెడితే చాలామందికి నయమవుతుంది. దాచి ఆడితే పూస ముందుకి జరిగే ప్రమాదం కూడా ఉంది.

నా నడుము గురించి కూడా అడిగారు. నాది ముసలివాళ్ల జబ్బు, స్టెనోసిస్. నరాలు దిగే దారి ఇరుకైంది. కొంతదూరం నడిస్తే కాళ్లు బరువెక్కి లాగుతాయి, ముందుకి వంగితే, కూర్చుంటే పోతాయి. వంగినప్పుడు ఆ దారి కాస్త వెడల్పవుతుంది మరి. సైకిల్ మీద ఎంతదూరమైనా పోతాను. ఆపరేషన్ అవసరం ఇంతవరకూ రాలేదు.

నడుము నొప్పుల్లో దారి తప్పించేవి కొన్ని ఉన్నాయి. పడుకుంటే ఎక్కువై కదిలితే తగ్గే నొప్పి, పొద్దున లేవగానే అరగంటకి పైగా వెన్ను బిగుసుకుపోవడం, అదీ కుర్రవయసులో మొదలైతే, అది వాపుతో వచ్చే వెన్నెముక జబ్బు కావచ్చు. ఇప్పుడు దానికి మంచి మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే పూసలు అతుక్కుపోతాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రుళ్లు నొప్పి ఉంటే టీబీ వెన్నెముకకి కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి. 1779లోనే పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లండు సర్జన్ దాన్ని వర్ణించాడు. ఆ రోజుల్లో మందు లేదు. ఇప్పుడు నెలల తరబడి మందులు వాడితే నయమవుతుంది. వయసు మళ్లినవాళ్లు చిన్న జారుడుకే నడుము పట్టుకుంటే ఎముక గుల్లబారి పూస నలిగిందేమో చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఎదురుచూడొద్దు. నాన్నకి మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, సైకిల్ సీటు ఆనే చోటంతా మొద్దుబారినా, రెండు కాళ్లూ ఒక్కసారిగా పట్టు తప్పినా, అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. కింది నరాల కట్ట మొత్తం నలుగుతోందని అర్థం. అప్పుడు గంటలు లెక్కే. మీ నాన్న మొహమాటస్తుడు, ఇలాంటివి పిల్లల ముందు చెప్పడు. అమ్మకి చూపించండి ఈ పేరా. అడగాల్సింది ఆవిడే.

ఎక్స్‌రే వచ్చాక డిగ్రీలు ఎన్నో రాసి పంపండి.

మీ తాతయ్య

తా.క. చిన్నోడా, గోడ మీద గీత పెన్సిలుతో గీయి. స్కెచ్ పెన్నుతో గీసి నా పేరు చెప్పకు.