ఐజీసీఎస్ఈ డ్రామా పరీక్ష: ఇళ్లల్లో వినిపించే అపోహలు, రిహార్సల్ గదిలో తేలే వాస్తవాలు

ఐజీసీఎస్ఈ అంటే కేంబ్రిడ్జ్ బోర్డు పదో తరగతి స్థాయిలో పెట్టే పరీక్ష. బెంగళూరులో ఆ సిలబస్ చెప్పే స్కూళ్ల పిల్లల్ని అందులోని డ్రామా పరీక్షకు తయారుచేయడం నా పని. వాళ్లలో తెలుగిళ్ల పిల్లలు చాలామందే ఉంటారు. మదనపల్లె, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో స్థిరపడ్డ కుటుంబాలు. ఆ అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే కాబట్టి, జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డ్రామా స్కోరింగ్ సబ్జెక్ట్, చదవక్కర్లేదు

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. రాతపరీక్ష రెండున్నర గంటలు, 80 మార్కులు. మొత్తం గ్రేడ్‌లో దాని వాటా 40 శాతం. మిగతా 60 శాతం కోర్స్‌వర్క్, అంటే స్కూల్లోనే చేసే ప్రదర్శనలు, 120 మార్కులు. అవి మూడుంటాయి: ఒక నాటకంలోని భాగాన్ని ఒక్కరే నటించాలి, నాటకంలోని భాగాన్నే బృందంగా ఒకటి చేయాలి, మూడోది పిల్లలే కలిసి సొంతంగా అల్లుకున్న నాటిక. ఒక్కరే చేసేది మూడు నుంచి ఐదు నిమిషాలు. సిలబస్ కొన్నేళ్లకోసారి మారుతుంటుంది. మీ అమ్మాయో అబ్బాయో ఏ సంవత్సరం పరీక్ష రాస్తున్నారో ఆ సంవత్సరం సిలబస్‌నే స్కూల్లో అడిగి తీసుకోండి.

స్టేజీ మీద బ్రహ్మాండంగా చేసే పిల్లలే రాతపేపర్ దగ్గర గ్రేడ్ పోగొట్టుకోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. దానికి కారణం కింది అపోహే.

అపోహ: రాతపేపర్ ఇంగ్లిష్ లిటరేచర్ పేపర్ లాంటిదే

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పరీక్షకు ముందే నాటక భాగాలు స్కూలుకు వస్తాయి. ప్రీ-రిలీజ్ మెటీరియల్ అంటారు. వాటిని లేచి నిలబడి ఆడి చూడమనే ముందుగా పంపుతారు. చాలామంది పిల్లలు మాత్రం హైలైటర్ పట్టుకుని కూర్చుని ఇతివృత్తం, పాత్ర స్వభావం, రచయిత ఉద్దేశం అని నోట్సు రాసుకుంటారు. పరీక్ష హాల్లోకి ఆ నోట్సు తీసుకెళ్లనివ్వరు, అక్కడ ఆ నాటక భాగాల కొత్త కాపీ ఇస్తారు. పైగా అక్కడ అడిగేది వేరు. ఈ పాత్ర నువ్వు వేస్తే ఈ మాట ఎలా పలుకుతావు, ఎక్కడ నిలబడతావు, ఎందుకు? నువ్వే డైరెక్టర్‌వైతే ఈ ఘట్టంలో బిగువు ఎలా తెస్తావు?

ఉదాహరణకు ఒక సన్నివేశం అనుకుందాం. కొడుక్కి దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చింది. తల్లి దాన్ని దాచేసింది. కొడుకు వంటింట్లోకి వచ్చి "పోస్టేమైనా వచ్చిందా?" అని అడుగుతాడు. తల్లి కంగారును నటి ఎలా చూపించాలి?

ఎక్కువమంది ఇలా రాస్తారు: "గొంతులో బాధ చూపిస్తాను, ముఖకవళికలతో టెన్షన్ తెలియజేస్తాను." ఇది ఏ నాటకంలో ఏ తల్లికైనా సరిపోతుంది కాబట్టి దీనికి మార్కులు రావు.

రిహార్సల్ చేసిన అమ్మాయి ఇలా రాస్తుంది: "ఉత్తరం పోపుల డబ్బా కింద ఉంది. కొడుకు నా వెనక నుంచి వస్తాడు. నేను ప్రేక్షకుల వైపు తిరిగి స్టీలు పళ్లెం తుడుస్తుంటాను. 'పోస్టు' అన్న మాట వినగానే గుడ్డ ఆగుతుంది. రెండు క్షణాలు ఆగి, ముందుకంటే వేగంగా తుడుస్తూ, మామూలు గొంతుతో 'లేదు నాన్నా' అంటాను. కొడుక్కి నా వీపే కనిపిస్తుంది. నా ముఖం ప్రేక్షకులు చూస్తారు. నిజం అతనికంటే ముందు వాళ్లకు తెలుస్తుంది."

ఈ జవాబులో చేయి ఏం చేసిందో ఉంది, ఏ మాట దగ్గర చేసిందో ఉంది, దానివల్ల చూసేవాళ్లకు ఏం తెలిసిందో ఉంది. ఇంట్లో కూర్చుని ఇలాంటిది ఊహించడం కష్టం. నిజంగా పళ్లెం తుడుస్తూ పదిసార్లు ఆ మాట అంటే గుడ్డ ఎక్కడ ఆగాలో చేతికే తెలిసిపోతుంది. అందుకే ప్రతి రిహార్సల్ అయ్యాక పది నిమిషాలు నోట్‌బుక్ రాయిస్తాను. ఇవాళ ఏం మార్చాం, ఎందుకు మార్చాం, మార్చాక ఎలా ఉంది. ఆ పుస్తకమే పరీక్షకు చదువుకోవాల్సిన పుస్తకం.

టైమ్ కూడా లెక్కేసుకోవాలి. 150 నిమిషాలకు 80 మార్కులంటే మార్కుకు రెండు నిమిషాలు కూడా లేవు. మూడు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసేవాళ్లకు చివరి పెద్ద ప్రశ్న దగ్గర టైమ్ చాలదు.

అపోహ: స్టానిస్లావ్‌స్కీ, బ్రెక్ట్ పేర్లు రాస్తే మార్కులు పడతాయి

స్టానిస్లావ్‌స్కీ రష్యన్ దర్శకుడు, బ్రెక్ట్ జర్మన్ నాటకకర్త. ఇద్దరూ నటనకు తమవైన పద్ధతులు చెప్పినవాళ్లు. పేర్లకు మార్కుల్లేవు. బ్రెక్ట్ పద్ధతి అని రాస్తే, ఆ పద్ధతిలో నటుడు ఏ మాట దగ్గర కథలోంచి బయటికొచ్చి ప్రేక్షకులతో సూటిగా మాట్లాడతాడో, దాంతో వాళ్లు ఏ విషయం ఆలోచించాలో కూడా రాయాలి. అది రాయలేకపోతే పేరు వదిలేయడమే మేలు.

అపోహ: గొంతు పెద్దదైతే, కన్నీళ్లొస్తే మంచి నటన

మన తాతల కాలం పద్యనాటకాల్లో రాగం ఎంతసేపు తీస్తే అన్ని వన్స్‌మోర్‌లు పడేవి. మైకు లేని పందిట్లో చివరి వరుసకు వినిపించాలంటే ఆ గొంతు కావాల్సిందే. కానీ అదే కాలంలో, మనకు పక్కనే ఉన్న బళ్లారిలో, వృత్తికి లాయరైన బళ్లారి రాఘవ (1880–1946) సహజ నటనకు పేరు తెచ్చుకున్నారు. కాబట్టి తగ్గించి నటించడం కూడా మన సంప్రదాయమే, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పండి.

ఇంకో సంగతి. ఈ పరీక్షలో ప్రదర్శనకు స్కూల్లో టీచరే మార్కులు వేస్తారు. కేంబ్రిడ్జ్ వాళ్లు వీడియోలు చూసి ఆ మార్కుల్ని సరిచూస్తారు. వీడియోలో ఎడిటింగ్ ఉండకూడదు. ఆడిటోరియం కోసం పెంచిన గొంతు దగ్గర్లో ఉన్న కెమెరాలో అరుపులా వినిపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో వాక్యం చివరి మాటలు కొట్టుకుపోతాయి. రికార్డింగ్ రోజుకు ముందే అదే గదిలో, అదే కెమెరాతో ఒకసారి తీసి పిల్లలకు చూపించమని స్కూలును అడగండి. ఎంత చెప్పినా మారని పిల్లలు అది చూసి వెంటనే మారతారు.

అపోహ: మా అమ్మాయి ఇంగ్లిష్ యాసకు మార్కులు తగ్గుతాయి

తగ్గవు. మాట స్పష్టంగా ఉండాలి, పాత్రకు తగ్గట్టుండాలి, అంతే. అరువు యాస మొదటి నిమిషం నిలుస్తుంది, భావోద్వేగం పెరిగేసరికి జారిపోతుంది. అప్పుడు చూసేవాళ్ల దృష్టి పాత్ర మీద ఉండదు.

అపోహ: బృంద ప్రదర్శనలో హీరో పాత్ర వేసినవాళ్లకే మార్కులు

మార్కులు ఎవరివి వాళ్లకే. రాజు పక్కన భటుడిగా ఉన్నా, వినడం, స్పందించడం, చోటు మార్చడం చూస్తారు. అయితే తను ఏం చేయగలదో చూపించడానికి ప్రతి ఒక్కరికీ తగినంత అవకాశం ఉండాలి. అది లేకపోతే అమ్మానాన్నలు టీచర్‌తో మాట్లాడటంలో తప్పేమీ లేదు.

అపోహ: సొంత నాటిక అంటే అప్పటికప్పుడు ఇంప్రొవైజ్ చేయడం

ఇంప్రొవైజేషన్ మొదటి వారం పని మాత్రమే. ఆ తర్వాత కోయడం, కుట్టడం, మళ్లీ కోయడం. ఏటా పిల్లలు ముందుగా తెచ్చే కథలు రెండే: ఫోన్‌కు అలవాటుపడ్డ కుర్రాడు, మార్కుల ఒత్తిడితో కుంగిపోయే అమ్మాయి. వద్దనను. కానీ మీ గేటు దగ్గర ఏం జరుగుతోందో చూడమంటాను. 2024 వేసవిలో బెంగళూరులో నీళ్లకు ఎంత కటకటలాడామో ఈ పిల్లలందరికీ తెలుసు. ట్యాంకర్ వచ్చే వేళ అపార్ట్‌మెంట్ కింద నిలబడితే వాచ్‌మన్, అసోసియేషన్ ప్రెసిడెంట్, పనమ్మాయి, బిందె పట్టుకున్న పక్కవీధి పిల్లాడు కనిపిస్తారు. కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ కలిసిన గొడవ వినిపిస్తుంది. నలుగురు నటులు, ఒక ఖాళీ బిందె ఉంటే చాలు, సెట్టు అక్కర్లేదు.

అపోహ: పరీక్షల ఏడాదిలో నాటకాలు చూడటం టైమ్ వేస్ట్

నాటకమే చూడని పిల్లలు రంగస్థలం గురించి రాసేదంతా సినిమా భాషలో ఉంటుంది. క్లోజప్, కట్, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. స్టేజీకి క్లోజప్ లేదు. అక్కడ చూపు ఎటు తిప్పించాలన్నా వెలుగుతో, ఎత్తుతో, కదలికతో తిప్పించాలి.

చిత్తూరు వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతంలో అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతాడు. వేలమంది తలలు పైకెత్తుతారు. పైనుంచి నిమ్మకాయలు విసిరితే కింద కొంగులు పడతారు. ఎత్తును వాడుకోవడానికి, ప్రేక్షకుల్ని నాటకంలోకి లాగడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూపించలేను. ఊరెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో బొమ్మ గీయించండి.

ఇక్కడైతే జేసీ రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లకు జాగృతి, జేపీ నగర్‌లో రంగశంకర అనే నాటకశాలలు ఉన్నాయి. కన్నడ నాటకాలు కూడా చూపించండి, ఇక్కడ పెరిగిన పిల్లలకు అర్థమవుతుంది. రంగశంకరలో ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వరు. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి రావాల్సినవాళ్లు ఒక గంట ముందే బయలుదేరండి.