ఎపాక్సీ గచ్చు మన్నిక అడుగునే తేలుతుంది

గ్యారేజీ నేల మీది ఎపాక్సీ పూత ఎక్కడైనా పెచ్చుగా లేస్తే, ఆ పెచ్చును పారేసేముందు ఒకసారి తిరగేసి చూడాలి. అడుగున బూడిద రంగు సిమెంటు పొర అంటుకుని ఉంటే పూత తన పట్టు వదల్లేదన్నమాట, కాంక్రీటు పైపొరే బలహీనమై ఊడివచ్చింది. అడుగు నున్నగా, శుభ్రంగా ఉంటే పూత కాంక్రీటును అసలు పట్టుకోనే లేదు. నూనో, తేమో, మరీ నునుపైన నేలో అడ్డుపడింది. వేలికి జిగురుగా తగిలితే, పూత కోసం కలిపే రెండు భాగాలు, అంటే రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సరైన పాళ్లలో కలవలేదు. ఊడిపోయిన నేలల్లో ఎక్కువ వాటి కథ ఈ మూడింటిలో ఏదో ఒకటే. కొనేటప్పుడు మాత్రం మనం రంగు, మెరుపు, డబ్బా మీద రాసిన గ్యారంటీ చూస్తాం. మన్నికైన నేల కావాలంటే ఎంపిక కాంక్రీటు దగ్గర మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఈ పదార్థం గురించి కొంచెం. మామూలు పెయింటు చాలావరకు ఆరి గట్టిపడుతుంది, ఎపాక్సీ రసాయన చర్యతో గట్టిపడుతుంది. రెసిన్ అణువు కొసల్లో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన చిన్న త్రికోణపు వలయం ఉంటుంది. కార్బన్ బంధాలకు సహజంగా ఉండే కోణం దాదాపు 109 డిగ్రీలు. ఈ వలయంలో అవి 60 డిగ్రీల దగ్గర ఇరుక్కుని ఉంటాయి. అందుకే వలయం ఎప్పుడూ ఒత్తిడితో, తెరుచుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. హార్డెనర్‌లోని అమైన్ అనే నైట్రోజన్ రసాయనం తగలగానే అది తెరుచుకుని కొత్త బంధం ఏర్పడుతుంది. అలా లెక్కలేనన్ని ముడులు పడి, చివరికి నేలంతా ఒకే అల్లికగా మారుతుంది. ఒకసారి బిగిసిన ఈ అల్లిక మళ్లీ కరగదు. 1934లో జర్మనీలో పాల్ ష్లాక్ ఈ దారిలో పేటెంటు కోరాడు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టాన్ కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ ఇదే రసాయనాన్ని పట్టుకున్నాడు. అరాల్డైట్ జిగురు ఆ పరిశోధన నుంచే పుట్టింది.

అమైన్‌లోని ఒక్కో హైడ్రోజన్ ఒక్కో వలయంతోనే జతకడుతుంది. లెక్క ఇంత కచ్చితంగా ఉంటుంది కాబట్టే, త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే పని చెడుతుంది. జత దొరకని అమైన్ అల్లికలో మిగిలిపోయి నేల మెత్తగా, నీటికి లొంగిపోయేలా తయారవుతుంది. డబ్బా మీది పాళ్లు బరువులోనా, ఘనపరిమాణంలోనా అన్నది చూసుకోవాలి. కలిపాక బకెట్ అడుగూ అంచులూ గీకి మళ్లీ కలపాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది. నేల మీద పల్చగా పరిస్తే ఆ వేడి చెదిరిపోతుంది, బకెట్‌లోనే వదిలేస్తే వేడి చర్యను, చర్య వేడిని పెంచుకుంటూ పోయి పొగలు కూడా రావచ్చు.

ఇక కాంక్రీటు. చూడ్డానికి రాయిలా ఉన్నా దాని నిండా సూక్ష్మరంధ్రాలే. నొక్కితే చాలా బలం చూపిస్తుంది, లాగితే తేలిపోతుంది. 30 మెగాపాస్కల్ ఒత్తిడిని తట్టుకునే కాంక్రీటు లాగుడు బలం సుమారు 3 మెగాపాస్కల్ మాత్రమే. అందులోనూ అత్యంత బలహీనమైన భాగం పైన కనిపించే పొరే. పోతపోసి నునుపు చేసేటప్పుడు నీళ్లతో పాటు సిమెంటు, సన్నటి మట్టి పైకి తేలి పల్చటి తెట్టులా గడ్డకడుతుంది. ఆ తెట్టు మీద ఎంత మంచి ఎపాక్సీ వేసినా అది తెట్టునే పట్టుకుంటుంది. కారు చక్రం మెలితిప్పిన రోజున పూత, తెట్టు కలిసి లేచి వస్తాయి. దీన్ని కొలిచే పరీక్ష ఒకటుంది. చిన్న లోహపు బిళ్లను నేలకు అతికించి నిలువుగా లాగుతారు. 1.5 మెగాపాస్కల్ కన్నా ముందే ఊడితే ఆ నేల పూతకు సిద్ధంగా లేదని సాధారణంగా లెక్క. పూత వేశాక ఇదే పరీక్ష చేస్తే కాంక్రీటు లోపలే విరగాలి, అతుకు దగ్గర విడిపోకూడదు.

కాబట్టి తెట్టు తీసేయాలి. వజ్రపు పళ్ల గ్రైండర్‌తో గీకడమో, ఉక్కు గుళ్లతో కొట్టే షాట్ బ్లాస్టింగో నమ్మదగిన పద్ధతులు. ఇంటర్నేషనల్ కాంక్రీట్ రిపేర్ ఇన్‌స్టిట్యూట్ నేల గరుకుతనానికి 1 నుంచి 10 వరకు నమూనాలు తయారుచేసింది. పల్చటి పూతలకు 2, 3 సరిపోతాయి, మందం పెరిగేకొద్దీ గరుకు పెరగాలి. యాసిడ్‌తో కడగడం చవకైన దారే కానీ నాకు దాని మీద నమ్మకం తక్కువ. యాసిడ్ నూనె మరకను దాటి లోపలికి పోలేదు, సరిగా కడగకపోతే లవణాలు మిగిల్చిపోతుంది. నూనె ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. నేల మీద నీటి చుక్కలు వేస్తే ఇంకిపోవాలి, ముత్యాల్లా నిలబడితే ఆ చోట పూత పట్టదు.

తేమ సంగతి ఇంతకన్నా మోసకరం. పైకి పొడిగా కనిపించే గచ్చు కింద నేల చెమ్మ ఆవిరిగా ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. పూత లేనప్పుడు గాలిలో కలిసిపోతుంది, పూత వేశాక దారి మూసుకుపోతుంది. ఆవిరి అతుకు దగ్గర నీరై, కాంక్రీటులోని క్షారాన్ని కరిగించుకుని, లోపలి నుంచి మరింత నీటిని లాక్కుంటుంది. నెలల తర్వాత బొబ్బలు లేస్తాయి, గుచ్చితే జిగట ద్రవం చిమ్ముతుంది. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి కనీసం 16 గంటలు ఉంచి, అడుగున చెమ్మ పట్టిందా, కాంక్రీటు నల్లబడిందా చూడటం ఇంటి పరీక్ష. చెమ్మ కనబడితే ఆగాలి, కనబడకపోయినా పూర్తిగా నిశ్చింతపడకూడదు. స్లాబ్ మందంలో 40 శాతం లోతున రంధ్రం చేసి లోపలి తేమ శాతం కొలిచే పద్ధతి అసలు సంగతి చెబుతుంది. కొత్త కాంక్రీటుకు 28 రోజులు చాలంటారు. అది బలానికి పెట్టుకున్న గడువు. లోపలి తేమ తగ్గడానికి తరచూ నెలలు పడుతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాకే డబ్బాల దగ్గరికి వెళ్లాలి. అక్కడ చూడాల్సిన మొదటి అంకె ఘనపదార్థ శాతం. ఒక లీటరును పది చదరపు మీటర్లలో పరిస్తే పచ్చిపూత మందం 100 మైక్రాన్లు, అంటే ఒక కాగితమంత. డబ్బాలో సగం నీరో, సాల్వెంటో అయితే ఆరాక మిగిలేది 50 మైక్రాన్లు. దాని మీద కారు రోజూ తిరిగితే ఎంతకాలం ఉంటుంది? నీటితో కలిపే రకాలు సామాన్లు పెట్టుకునే గదులకు చాలు. కారు నిలిపే చోటికి నూరు శాతం ఘనపదార్థం ఉన్న రకమే నా ఎంపిక. అది ఒక్క పూతకే 250 మైక్రాన్లు, ఆపైన నిలుస్తుంది. బరువైన పనిముట్లు పడే వర్క్‌షాపుకు దానంతటదే సమంగా పరుచుకునే రెండు మూడు మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవెలింగ్ రకమో, ఇసుక కలిపిన ఎపాక్సీ మోర్టారో కావాలి.

అలాగని మందమే మన్నిక కాదు. ఆరు మీటర్ల నేల 20 డిగ్రీలు వేడెక్కితే కాంక్రీటు సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అడ్డు లేకపోతే ఉత్త ఎపాక్సీ దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ తేడా భారమంతా అతుకు మీద, ముఖ్యంగా అంచుల దగ్గర పడుతుంది. పూత మందం పెరిగేకొద్దీ ఆ లాగుడూ పెరుగుతుంది. మందపు పూతల్లో సిలికా ఇసుక కలపడానికి ఇదొక ముఖ్య కారణం, ఇసుక వ్యాకోచాన్ని తగ్గిస్తుంది.

చాలామందిని బాధపెట్టేది టైరు గుర్తుల సమస్య. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. దూరప్రయాణం చేసి వచ్చిన టైరు ఆ వేడిని అందుకోగలదు. పైగా రబ్బరులోని మెత్తబరిచే నూనెలు పూతలోకి దిగుతాయి. టైరు చల్లారి కుంచించుకుంటూ తనకు అంటుకున్న పూతను లాగుతుంది. అతుకు బలహీనంగా ఉంటే చక్రం కదలగానే ముక్క లేచిపోతుంది. సాంకేతిక పత్రంలో గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే పూత మెత్తబడే ఉష్ణోగ్రత, ఎంతుందో అడిగి తెలుసుకోండి.

ఎండ తగిలే గుమ్మం దగ్గర సాధారణ ఎపాక్సీ పసుపెక్కుతుంది, సుద్దలా రాలుతుంది. పైన అలిఫాటిక్ పాలీయురేథేన్ పూత వేస్తే ఆ బాధ ఉండదు, గీతలూ తగ్గుతాయి. పాలీయాస్పార్టిక్ అనే మరో రకం పై పూత కూడా మంచిదే, కానీ అది చాలా వేగంగా బిగుస్తుంది, అలవాటు లేని చేతికి సమయం చాలదు. తడిసినా జారకుండా అల్యూమినియం ఆక్సైడ్ రజను కలిపించుకోవాలి. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ మంచి ఎపాక్సీని పెద్దగా ఏమీ చేయలేవు. బ్రేక్ ఆయిల్, బ్యాటరీ యాసిడ్, పెయింటు తీసే ద్రావకాలు మాత్రం చేస్తాయి, ఒలికిన వెంటనే తుడవాలి. యాసిడ్‌తో రోజూ పని ఉంటే నోవొలాక్ ఎపాక్సీ అడగాలి. వెల్డింగ్ చేసే మూలకు ఏ ఎపాక్సీ వద్దు. ఎగిరిపడే కరిగిన లోహం పూతను కాల్చేస్తుంది. ఆ చోట ఉత్త కాంక్రీటే ఉంచడం మేలు.

పూసే రోజు నేల ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయికి, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకు, కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. చల్లటి, చెమ్మగాలిలో అమైన్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో, తేమతో కలిసి పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని కడగకుండా రెండో పూత వేస్తే ఆ రెండూ విడిపోతాయి. సాయంత్రం, నేల చల్లబడుతున్నప్పుడు పూయడం మంచిది. నేల వేడెక్కుతుంటే రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు పొడుస్తుంది.

పనిచేసేవాళ్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. గట్టిపడని రెసిన్, హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. చేతికి అంటినదాన్ని థిన్నర్‌తో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది, సబ్బునీళ్లతో కడగాలి. కాంక్రీటు గీకినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది, వ్యాక్యూమ్ తగిలించిన గ్రైండర్, సరైన మాస్కు లేకుండా ఆ పని ఎవరిచేతా చేయించకండి.

మర్నాటికి నడవొచ్చు, కారు పెట్టడానికి మాత్రం దాదాపు వారం ఆగడం మంచిది. చక్రాల దారిలో మెరుపు తగ్గి గీతలు కనబడినప్పుడే ఆ భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది పై పూత ఒక్కటే మళ్లీ వేయించాలి. కాంక్రీటు బయటపడేదాకా ఆగితే నూనె అందులోకి ఇంకుతుంది, పని మళ్లీ గ్రైండర్ నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.