జియోకాషింగ్ యాప్ అంటే మ్యాప్ మీద పిన్ పెట్టడమేనా? అపోహలు - వాస్తవాలు

జియోకాషింగ్ యాప్ మీద పనిచేస్తున్నానని చెప్తే చాలామంది అనే మాట ఒకటే: "మ్యాప్ మీద పిన్ పెట్టి దారి చూపించడమేగా, అందులో అంత పనేముంది?" తోటి డెవలపర్లే ఇలా అంటుంటారు. అందుకే ఈ పోస్ట్.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎవరో ఒకరు ఒక డబ్బాలో చిన్న నోట్‌బుక్ పెట్టి, రాయి కిందో చెట్టు తొర్రలోనో దాచి, ఆ చోటి కోఆర్డినేట్లు (అక్షాంశం, రేఖాంశం) నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు అవి పట్టుకుని వెళ్లి వెతికి, దొరికితే నోట్‌బుక్‌లో సంతకం చేసి, డబ్బాని ఉన్నచోటే మళ్లీ దాచి వస్తారు. 2000 మే మొదటి వారంలో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలుపుతూ వచ్చిన తేడాని ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా తప్పు చూపించిన రిసీవర్లు ఉన్నట్టుండి పది, ఇరవై మీటర్లలోకి వచ్చేశాయి. మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, దాని కోఆర్డినేట్లు న్యూస్‌గ్రూప్‌లో, అంటే అప్పటి ఇంటర్నెట్ చర్చా వేదికలో, పెట్టాడు. ఆట అలా మొదలైంది. అప్పట్లో జీపీఎస్ రిసీవర్ ఒకటి విడిగా కొనుక్కోవాల్సిందే. ఇప్పుడు ఫోన్ ఉంటే చాలు. కాకపోతే ఆ ఫోన్‌కి ఎంతవరకు తెలుసో, ఎక్కడినుంచి తెలియదో ఉన్నదున్నట్టు చెప్పే యాప్ కావాలి. మా పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

అపోహ: మంచి ఫోన్ అయితే యాప్ సరిగ్గా డబ్బా దగ్గరికే తీసుకెళ్లి నిలబెడుతుంది.

వాస్తవం: పైన ఆకాశం ఏ అడ్డూ లేకుండా కనిపిస్తున్నప్పుడు మామూలు స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. డబ్బా దాచినవాళ్లు కూడా అలాంటి ఫోన్‌తోనే కోఆర్డినేట్లు తీసుకుని ఉండొచ్చు. వాళ్ల తేడా ఒక వైపు, మన తేడా ఇంకో వైపు పడితే పది మీటర్లు దాటిపోతాం. పొదల్లో పది మీటర్లంటే చాలా ఎక్కువ.

దీనికి తోడు, స్క్రీన్ మీద కనిపించే "4 మీ." అన్న అంకెని అందరూ హామీ అనుకుంటారు. అది హామీ కాదు. ఆండ్రాయిడ్‌లో ఆ అంకెకి అర్థం, ఆ అంకె వ్యాసార్థంగా చుక్క చుట్టూ గీసిన వృత్తం లోపల మీరు ఉండే అవకాశం 68 శాతం అని. అంటే దాదాపు మూడింట ఒకసారి బయటే ఉంటారు. ఈ సంగతి తెలియక "మీ యాప్ తప్పు చూపించింది" అని రాసేవాళ్లు ఎందరో.

భువనగిరి కోట ఎక్కేటప్పుడు ఆ ఏకశిల గోడని ఆనుకుని నిలబడి చూడండి. సగం ఆకాశం రాయి వెనక్కి పోతుంది. కొన్ని ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా రాదు, రాతికి తగిలి తిరిగి వస్తుంది. దూరం ఎక్కువ ప్రయాణించింది కాబట్టి లెక్క తప్పుతుంది. ఫోన్‌ని ఒక బండ మీద కదలకుండా పెట్టి చూస్తూ కూర్చుంటే, నీలం చుక్క తనంతట తానే నడుస్తూ ఉంటుంది. కాసేపు లోయ వైపు, కాసేపు రాతి లోపలికి. అంత జరుగుతున్నా పక్కన అంకె మాత్రం నమ్మకంగా "6 మీ." అనే చూపిస్తుంది. హైటెక్ సిటీలో అద్దాల భవనాల మధ్యా ఇదే కథ. రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే ఫోన్లు 2018 నుంచి వస్తున్నాయి. ఇలాంటి ప్రతిధ్వనుల్ని అవి బాగానే గుర్తుపడతాయి, తేడా తగ్గుతుంది, కానీ పోదు.

చుక్క ఊగుతోందని యూజర్లు ఫిర్యాదు చేస్తారు. దాన్ని కోడ్‌లో నునుపు చేసి నిలకడగా చూపించడం తేలికే. కానీ ఎక్కువ నునుపు చేస్తే మనిషి ఆగినా చుక్క ఆగదు, మలుపు తిరిగినా అది నేరుగా పోతుంది. నా ఉద్దేశంలో ఊగే చుక్కని ఊగుతున్నట్టే చూపించాలి. మనిషి డబ్బాకి ఆ తేడా అంత దగ్గరికి వచ్చాక దారి చూపే బాణాన్ని తీసేసి "ఇక కళ్లతో వెతకండి" అని చెప్పాలి. దాచినవాళ్లు ఇచ్చిన హింట్, ముందు వచ్చినవాళ్ల లాగ్‌లు (దొరికిందో లేదో రాసిన నోట్లు), ఫొటోలు అప్పుడు చేతికి అందేలా పెట్టాలి. బాణం ఉన్నంతసేపు జనం ఫోన్ చూస్తారు తప్ప ఎదురుగా ఉన్న రాయిని చూడరు.

అపోహ: దిక్సూచి ఫోన్‌లోనే ఉంది, యాప్ దాన్ని చూపిస్తే చాలు.

వాస్తవం: ఫోన్‌లోని సెన్సర్‌కి తెలిసింది అయస్కాంత ఉత్తరం. మ్యాప్‌కి కావాల్సింది అసలు ఉత్తరం. ఈ రెండింటి మధ్య కోణం ఊరుని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఆ తేడా ఒక డిగ్రీకి అటూఇటూగా ఉంటుంది కాబట్టి, ఇక్కడ కూర్చుని టెస్ట్ చేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అదే యాప్ సియాటిల్‌లో తెరిస్తే తేడా సుమారు 15 డిగ్రీలు. వంద మీటర్ల దూరంలో ఉన్న డబ్బా కోసం బయల్దేరి, బాణం మొదట చూపిన దిశలోనే నేరుగా నడిస్తే 26 మీటర్లు పక్కకి తేలతారు. ఈ ఆటకి ప్రధాన సైట్ అయిన జియోకాషింగ్ డాట్ కామ్‌ని నడిపే గ్రౌండ్‌స్పీక్ సంస్థ ఉన్నది ఆ సియాటిల్‌లోనే. ఇక్కడ దాక్కున్న బగ్ అక్కడ మొదటి రోజే బయటపడుతుంది.

ఐఫోన్ రెండు ఉత్తరాలూ ఇస్తుంది, సరైనది ఎంచుకుంటే చాలు. ఆండ్రాయిడ్‌లో ఆ తేడాని మనమే కలుపుకోవాలి. దీనికి వాడే ప్రపంచ అయస్కాంత నమూనాని ఐదేళ్లకోసారి కొత్తగా లెక్కిస్తారు. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉండదు కాబట్టి అది తప్పదు. 2015 నమూనా ఐదేళ్లు నిలవలేకపోయింది, ఉత్తర ధ్రువం దగ్గర తేడా పెరిగిపోవడంతో 2019 ఫిబ్రవరిలో మధ్యలోనే సవరణ ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడున్నది 2025 నమూనా. సొంతంగా పాత పట్టిక పెట్టుకున్న యాప్ అయితే దాన్ని మార్చడం కూడా అప్‌డేట్‌లో భాగమే.

ఇంకో సంగతి. అయస్కాంతం బటన్ ఉన్న ఫోన్ కవర్, పక్కన బైక్, కారు డాష్‌బోర్డ్, వీటిలో ఏది ఉన్నా సూది పక్కకి తిరుగుతుంది. అందుకే నడుస్తున్నప్పుడు జీపీఎస్ చెప్పే దిశని, ఆగినప్పుడు సెన్సర్ చెప్పే దిశని వాడతాం. ఆగిన మనిషి ఎటు చూస్తున్నాడో జీపీఎస్‌కి తెలియదు.

అపోహ: సిగ్నల్ లేని అడవిలో యాప్ పనిచేయదు.

వాస్తవం: జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, వినడమే. నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ముందే తెలిసిపోతుంది కాబట్టి సెకన్లలో చోటు దొరుకుతుంది. నెట్ లేకపోతే ఆ సమాచారాన్ని ఉపగ్రహం నుంచే వినాలి. అది సెకనుకి 50 బిట్ల వేగంతో వస్తుంది, ఒక్కో ఉపగ్రహం సమాచారానికి దాదాపు అర నిమిషం పడుతుంది. చెట్ల కింద మధ్యలో తెగితే మళ్లీ వినాలి. ఈలోపు యాప్ ఖాళీ స్క్రీన్ చూపిస్తే మనిషికి టెన్షన్. "ఉపగ్రహాల కోసం చూస్తున్నాను, ఆకాశం బాగా కనిపించే చోట ఆగండి" అంటే ఆగుతాడు.

నెట్ లేనప్పుడు అసలు ఇబ్బంది మ్యాప్‌తో. జూమ్ ఒక్క మెట్టు పెరిగితే మ్యాప్ ముక్కలు నాలుగింతలవుతాయి. జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ల నుంచి వాటిని మూకుమ్మడిగా దించుకోవడానికి వాళ్ల నియమాలు ఒప్పుకోవు. అవి విరాళాల మీద నడిచే సర్వర్లు, ఆ నియమాన్ని గౌరవించాలి. అందుకే ప్రాంతం మొత్తాన్నీ ఒకే వెక్టర్ ఫైలుగా (బొమ్మలు కాకుండా గీతల, ఆకారాల వివరాలుగా) దించుకుని, బొమ్మని ఫోన్‌లోనే గీసుకుంటాం.

ఇక అడవిలో రాసిన లాగ్. దాన్ని ఫోన్‌లో దాచి, నెట్ వచ్చాక పంపాలి. పంపేటప్పుడు తేదీ దొరికిన రోజుదే ఉండాలి, పంపిన రోజుది కాదు. అదీ ఆ ఊరి తేదీ. అనంతగిరిలో ఆదివారం పొద్దున్న దొరికిన డబ్బాని అమెరికా పశ్చిమ తీరం టైమ్‌లో లెక్కేస్తే శనివారం అవుతుంది. రోజుకి ఒకటి చొప్పున తెగకుండా వెతుకుతూ వస్తున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఏడాది కష్టం మధ్యలో ఒక ఖాళీ గడి కనిపిస్తే వాళ్లకు ఎంత బాధో వాళ్లు మాకు పంపే ఈమెయిల్స్ చదివితే తెలుస్తుంది.

అపోహ: కోఆర్డినేట్లంటే రెండు అంకెలే కదా.

వాస్తవం: డెవలపర్లు హైదరాబాద్‌ అక్షాంశాన్ని 17.385 అని రాస్తారు. జియోకాషర్లు డిగ్రీలు, నిమిషాల్లో రాస్తారు: ఉత్తర 17° 23.100. రెండూ ఒకటే. దశాంశాల్ని నిమిషాలనుకుని 17° 38.5 అని చదివితే 28 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లిపోతాం. ఇక జర్మనీలో ఈ ఆటకి పెద్ద ఆదరణ ఉంది, అక్కడ దశాంశ బిందువు చోట కామా రాస్తారు. ఫోన్ భాష జర్మన్‌లో ఉంటే, జాగ్రత్తపడని కోడ్ సర్వర్‌కి కూడా కామానే పంపుతుంది. సర్వర్ దాన్ని రెండు వేర్వేరు విలువలుగా చదువుతుంది. ఫోన్ భాష మార్చి టెస్ట్ చేయకపోతే ఇది ఎప్పటికీ కనపడదు.

అపోహ: హింట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ముందే కనిపించదు.

వాస్తవం: హింట్‌కి వాడేది రాట్13 అనే పాత పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాన్ని పదమూడు స్థానాలు జరుపుతుంది, అంతే. తెలుగు అక్షరాలకు అది వర్తించదు. "వేప చెట్టు మొదట్లో" అని ఎవరైనా హింట్ రాస్తే, రాట్13 తర్వాత కూడా అది "వేప చెట్టు మొదట్లో" అనే ఉంటుంది! పేజీ తెరవగానే గుట్టు రట్టు. రష్యన్‌కీ, జపనీస్‌కీ ఇదే గతి. కాబట్టి యాప్ ఆ పద్ధతి మీద ఆధారపడకుండా, నొక్కేదాకా హింట్‌ని పూర్తిగా మూసే ఉంచాలి. తెలుగులో డబ్బాలు పెట్టేవాళ్లు పెరగాలని కోరుకునే నాకు ఇది చాలా ముఖ్యం.

అపోహ: డబ్బాల సమాచారం నెట్‌లో ఉంది కదా, తెచ్చుకోవచ్చు.

వాస్తవం: జియోకాషింగ్ డాట్ కామ్ తన ఏపీఐని (వేరే యాప్ డేటా అడిగి తీసుకునే దారిని) ఒప్పందం ఉన్న యాప్‌లకే ఇస్తుంది. ఇదే ఆటకి ఉన్న ఓపెన్‌కాషింగ్ సైట్లది వేరే దారి, అనుమతి కీ తీసుకుంటే ఎవరైనా వాడొచ్చు. సీ:జియో అనే ఆండ్రాయిడ్ యాప్ వాలంటీర్లు రాసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. అది జియోకాషింగ్ డాట్ కామ్ వెబ్ పేజీలనే చదువుతుంది, అందుకే సైట్ పేజీ మారితే వెంటనే కొత్త వెర్షన్ తేవాలి. జీతం లేకుండా ఆ పని ఏళ్లుగా చేస్తున్నవాళ్లంటే నాకు గౌరవం. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు వాళ్ల కోడ్ చదవండి.

అపోహ: ఒకసారి స్టోర్‌లో పెట్టేస్తే పని అయిపోయినట్టే. అప్‌డేట్లు ఊరికే ఇస్తుంటారు.

వాస్తవం: మేం ఒక్క ఫీచర్ కలపకపోయినా యాప్ కింద నేల కదులుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 వచ్చాక బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌కి లొకేషన్ గంటకి కొన్నిసార్లే అందుతుంది. ఆండ్రాయిడ్ 10లో బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్‌కి విడిగా అనుమతి వచ్చింది. 11 నుంచి ఫైళ్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టడం కుదరదు, పాత జీపీఎక్స్ ఫైళ్లు (డబ్బాల కోఆర్డినేట్లు ఉండేవి), మ్యాప్‌లు అన్నీ తరలించాల్సి వచ్చింది. వీటికి తగ్గట్టు మారకుండా ఉండలేం. ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు యాప్ ఉండాలో ప్లే స్టోర్ ఏటా కొత్త గీత గీస్తుంది. 2025 ఆగస్టు 31 నుంచి అప్‌డేట్ పంపాలంటే ఆండ్రాయిడ్ 15 లెక్క.

అన్నింటికన్నా ఎక్కువ ఫిర్యాదులు తెచ్చింది ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12లలో వచ్చిన "సుమారు లొకేషన్". ప్రైవసీ కోసం అది మంచిదే, నేను సమర్థిస్తాను. కానీ అనుమతి అడిగినప్పుడు తొందరలో దాన్ని నొక్కితే, ఆండ్రాయిడ్‌లో యాప్‌కి తెలిసేది దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల మేర ఎక్కడో ఉన్నారని మాత్రమే. బాణం ఏ ఊరి చివరకో చూపిస్తుంది. యాప్ ఆ సంగతి గుర్తించి, ఇలాంటప్పుడు బాణం చూపించకుండా, కచ్చితమైన లొకేషన్ ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పి అడగాలి.

అప్‌డేట్ విషయంలో మేం కచ్చితంగా పాటించేవి రెండు. డేటాబేస్ నిర్మాణం మారినప్పుడు పాత వెర్షన్లన్నింటి నుంచీ కొత్తదానికి మార్చి చూస్తాం. ఎందుకంటే ఇంకా పంపని లాగ్‌లు, సొంత నోట్స్ ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా ఉండవు, పోతే తిరిగి రావు. రెండోది, శుక్రవారం రిలీజ్ చేయం. జనం డబ్బాలు వెతకడానికి వెళ్లేది శని, ఆదివారాల్లో. సోమవారం కొద్దిమందికి ఇచ్చి, క్రాష్ రిపోర్టులు చూసుకుంటూ మెల్లగా పెంచుతాం.

అపోహ: బ్యాటరీని తినేసేది జీపీఎస్.

వాస్తవం: ఎండలో పూర్తి వెలుతురుతో వెలిగే స్క్రీన్ ఎక్కువ తింటుంది. డబ్బా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ప్రతి సెకనూ లొకేషన్ అడగక్కర్లేదు, దగ్గరపడ్డాక అడిగితే చాలు. డార్క్ థీమ్ అడవి నీడలో బాగుంటుంది, ఎండలో ఏమీ కనపడదు. రెండూ ఇవ్వాలి.

అపోహ: ఒక్క స్టార్ ఇచ్చి "పనిచేయట్లేదు" అని రాస్తే బాగుచేస్తారు.

వాస్తవం: ఆ రెండు ముక్కలతో మాకు ఏమీ దొరకదు. ఏ యాప్ అయినా సరే, రాసేటప్పుడు ఇవి చెప్పండి: ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్, ఫోన్ ఏ భాషలో ఉంది, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందా, అప్పుడు స్క్రీన్ మీద ఎన్ని మీటర్ల తేడా చూపించింది, పైన చెట్లున్నాయా, గోడలున్నాయా, ఖాళీ ఆకాశమా. కుదిరితే ఆ క్షణంలో తీసిన స్క్రీన్‌షాట్ ఒకటి. డబ్బా కోడ్ ఇస్తే ఇంకా మంచిది, అదే పేజీ మా ఫోన్లలో తెరిచి చూసుకోగలం.