వ్యాఖ్యాత నోరు, కిక్కర్ కాలు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. అమెరికాలో చదువుకుంటూ, శనివారం వచ్చిందంటే కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టి పరుగెత్తే అమెరికన్ ఆట) ముందు నుంచి లేవని మీ అందరికోసం ఈ ఉత్తరం. "ఈ కుర్రాడు ఈ సీజన్‌లో ఒక్క కిక్కూ తప్పలేదు" అని టీవీలో వ్యాఖ్యాత అంటాడు. గదిలో ఉన్నవాళ్లంతా "అయ్యో, ఎందుకన్నాడు!" అని తల పట్టుకుంటారు. బంతి కాస్తా స్తంభం పక్కనుంచి పోతుంది. తప్పు కిక్కర్‌ది కాకుండా వ్యాఖ్యాతది అయిపోతుంది. అక్కడివాళ్లు దీన్ని జింక్స్ అంటారు. పసిబిడ్డను చూసి "ఎంత ముద్దుగా ఉందో" అన్నవాళ్లు గుమ్మం దాటగానే మన అమ్మమ్మలు గుప్పెడు ఉప్పు తీసి తిప్పేస్తారే, ఆ దిష్టి లాంటిదే ఇదీ.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. వ్యాఖ్యాత మాటకు బంతిని అంగుళం కదిపే శక్తి లేదు. ఆయనకు జీతమిచ్చే ప్రసార సంస్థ డబ్బుకు మాత్రం ఆట వేళను, విరామాలను, చివరికి ఎవరితో ఎవరు ఆడాలన్నదాన్ని కూడా మార్చే శక్తి ఉంది. మీరు మొదటిదానికి భయపడుతున్నారు. గమనించాల్సింది రెండోదాన్ని.

ముందు కిక్కు సంగతి చూద్దాం. బంతిని తన్ని రెండు గోల్ స్తంభాల మధ్యనుంచి పంపి పాయింట్లు తెచ్చుకోవడమే ఫీల్డ్ గోల్, అలా తన్నేవాడే కిక్కర్. తెరమీద 37 గజాల ఫీల్డ్ గోల్ అని పడితే, ఆట గోల్ గీతకు 20 గజాల దూరంలో ఆగిందని అర్థం. దానికి 17 కలుపుతారు. గోల్ స్తంభాలు ఎండ్ జోన్, అంటే గోల్ గీత అవతలి భాగం, వెనక అంచున ఉంటాయి కనుక 10 గజాలు, బంతిని వెనక్కి విసిరి నిలబెట్టే చోటుకి మరో 7. విసిరినప్పటి నుంచి కాలు తగిలేదాకా పట్టేది సుమారు 1.3 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో ముగ్గురి పని చెడొచ్చు. బంతిని వెనక్కి విసిరే స్నాపర్ దాన్ని ఎత్తుగా విసిరితే, మోకాలి మీద కూర్చున్న హోల్డర్ దాన్ని అందుకుని నేలకు దించేలోపు కిక్కర్ అడుగుల లెక్క తప్పుతుంది. హోల్డర్ బంతి కుట్లను గోల్ వైపు తిప్పలేకపోతే కాలు ఆ కుట్ల మీదే పడి బంతి వంకర పోతుంది. తడిసిన గడ్డిలో కిక్కర్ ఊతంగా ఆనించిన పాదం జారితే ఇక చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే మీరు తప్పక చూడాల్సింది హ్యాష్ గీతల్ని. మైదానం పొడవునా నడిమి భాగంలో రెండు వరుసల చిన్న గీతలుంటాయి. ఆట పక్కకు వెళ్లి ఆగితే, మళ్లీ మొదలుపెట్టడానికి బంతిని దగ్గరి వరుస మీదికి తెచ్చి పెడతారు. కాలేజీ ఆటలో ఈ రెండు వరుసల మధ్య దూరం 40 అడుగులు. ప్రొఫెషనల్ లీగ్‌లో 18 అడుగుల 6 అంగుళాలే, అంటే సరిగ్గా గోల్ స్తంభాల మధ్య ఎడమంత. అక్కడ బంతి ఎంత పక్కకు జరిగినా స్తంభం వరుసలోనే ఉంటుంది. కాలేజీలో మాత్రం స్తంభానికి దాదాపు 11 అడుగులు అవతలికి పోతుంది. కిక్కు దగ్గరిదైన కొద్దీ ఈ వంకర ఎక్కువ. గీత మీద నుంచి 50 గజాల కిక్కుకు కోణం సుమారు 8 డిగ్రీలైతే, 27 గజాల కిక్కుకు 14 డిగ్రీలు. సులువుగా కనిపించే కిక్కు ఎందుకు తప్పిందో తెలియక మనం వ్యాఖ్యాత మీద పడతాం. తెలిసిన కోచ్ అయితే చివరి కిక్కుకు ముందు బంతిని ఒకసారి మైదానం నడిమికి పరిగెత్తిస్తాడు. అది గజాల కోసం చేసే పరుగు కాదు, ఈ కోణం తగ్గించుకోవడానికి.

ఇక లెక్క. పదింట ఎనిమిది కొట్టే కిక్కర్ వరుసగా 12 కొట్టాడనుకోండి. 13వది తప్పే అవకాశం అప్పుడూ పదింట రెండే. శనివారం ఒక్కరోజే పెద్ద కాలేజీల ఆటలు 50 దాకా జరుగుతాయి. ఒక్కో ఆటలో మూడేసి ఫీల్డ్ గోల్ ప్రయత్నాలనుకుంటే 150, వాటిలో తప్పేవి 30. ఆ 150లో సగం కిక్కులకు ముందు వ్యాఖ్యాత పొగిడి ఉన్నా, ఎవరి దిష్టీ లేకుండానే వారానికి 15 దిష్టి కథలు పుడతాయి. పొగిడాక లోపలికి దూరిన 60 కిక్కులు ఎవరికీ గుర్తుండవు.

ఆ మాట సరిగ్గా ఆ సమయంలోనే ఎందుకు వస్తుందంటారా? దానికీ కారణముంది. బంతి ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టడానికి జట్టుకు 40 సెకన్ల గడువు. ఆట నడిచేటప్పుడు మాట్లాడేది ప్రధాన వ్యాఖ్యాత: బంతి ఎవరి చేతిలో ఉంది, ఎన్ని గజాలొచ్చాయి, ఎవరు పడగొట్టారు. ఆగగానే మాట విశ్లేషకుడి చేతికి వెళుతుంది. జట్టు మళ్లీ గీత దగ్గరికి చేరేలోపు, అంటే పాతిక సెకన్లలోపే, ఆయన చెప్పదలచుకున్నది ముగించాలి. వాళ్ల పక్కన బైనాక్యులర్లతో ఒక స్పాటర్ ఉంటాడు. ముందున్న అట్టమీద రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు, నంబర్లు వరుసగా రాసి ఉంటాయి. బంతి పట్టినవాడి పేరు మీద, పడగొట్టినవాడి పేరు మీద వేలు పెడుతూ ఉంటాడు. గణాంకాలు చూసే మనిషి వేరే. కిక్కుకు ముందు ఎదుటి కోచ్ కుర్రాడిని కలవరపెట్టాలని టైమౌట్ తీసుకుంటాడు. ఖాళీ సమయం దొరుకుతుంది, కెమెరా కిక్కర్ ముఖం మీద ఉంటుంది, అతని లెక్కల పట్టీ తయారుగా ఉంటుంది. ఇంకేం చదువుతారు మరి? కిక్కు ఎంత కీలకమైతే ఆ పొగడ్త అంత నిశ్చయంగా వస్తుంది.

మంచి వ్యాఖ్యాతను గుర్తుపట్టే పద్ధతి కూడా చెబుతాను. 2013 నవంబరు 30న అలబామా, ఆబర్న్ జట్లు 28-28తో ఉన్నప్పుడు గడియారంలో ఒక్క సెకను మిగిలింది. అలబామా 57 గజాల కిక్కు తన్నింది. బంతి చేరలేదు. గోల్ కిందే కాచుకున్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టి మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి ఆట గెలిపించాడు. తక్కువ పడిన కిక్కును పట్టుకుని పరుగెత్తడం నిబంధనల్లో ఉన్నదే. కిక్కు జట్టులో నిలబడేది ఎక్కువగా బరువైన లైన్‌మెన్‌లు, వాళ్లు వెంటపడి అందుకోలేకపోయారు. సీబీఎస్ టీవీలో ఆ పరుగును వర్ణించిన వెర్న్ లండ్‌క్విస్ట్ తర్వాత చాలాసేపు నోరు మెదపలేదు. జనం హోరు, బొమ్మలే మాట్లాడాయి. టీవీలో అది గొప్ప పనితనం. రేడియోలో అదే చేస్తే నేరం, వినేవాడికి కనిపించేదేమీ లేదు కదా. స్కోరు, సమయం, బంతి ఏ గీత మీద ఉంది, ఏ వైపు వెళుతోంది, ఇవన్నీ మాటలోనే రావాలి.

అందుకే టీవీ గొంతు మూసి, తమ కాలేజీ రేడియో కామెంటరీ పెట్టుకునేవాళ్లు అక్కడ చాలామంది. మీరూ చేసి చూడండి, ఆట త్వరగా వంటబడుతుంది. చిక్కల్లా రెండూ ఒకేసారి రాకపోవడం. ఎఫ్ఎమ్ గాలిలో నేరుగా వస్తుంది కనుక టీవీకంటే కొన్ని సెకన్లు ముందుంటుంది. ఇంటర్నెట్ రేడియో సాధారణంగా టీవీకంటే వెనకబడుతుంది. టీవీనే ఇంటర్నెట్‌లో చూస్తుంటే అది అర నిమిషం పైగా వెనక ఉండొచ్చు. రేడియో వెనకుంటే పని సులువు: కిక్ఆఫ్‌లో, అంటే ఆట మొదలుపెట్టే కిక్కులో, కాలు బంతికి తగిలిన క్షణాన టీవీని ఆపండి, రేడియోలో ఆ మాట వినగానే వదలండి. రేడియో ముందుంటే దాన్ని ఆలస్యం చేసే యాప్ కావాలి. ప్రకటనల విరామం తర్వాత లెక్క మళ్లీ జారుతుంది, ప్రతిసారీ సరిచూసుకోండి. ఫోన్‌లో స్కోరు కబుర్లు ఆపేయండి, లేకపోతే తెరమీద బంతి లేవకముందే ఫలితం జేబులో మోగుతుంది.

కాలేజీల నమ్మకాల గురించి ఎంత చెప్పినా తరగదు. క్లెమ్‌సన్ ఆటగాళ్లు మైదానంలోకి పరుగెత్తేముందు కోచ్ ఫ్రాంక్ హోవార్డ్ పేరున్న రాయిని తడుముతారు. 1967 నుంచి ఉన్న అలవాటు ఇది. మిసిసిపీ స్టేట్ వాళ్లు ఆవు మెడలో కట్టే గంటలు మోగిస్తారు. ఒకప్పుడు మైదానంలోకి ఆవు వచ్చిందనీ ఆరోజు గెలిచారనీ చెప్పుకుంటారు. 1974లో ఆ కాలేజీ ఆడే జట్ల సమాఖ్య గంటలు నిషేధించింది. 2010లో మళ్లీ ఒప్పుకుంది గానీ ఎదుటి జట్టు ఆట మొదలుపెట్టేటప్పుడు మోగించకూడదు, విరామాల్లో, పాయింట్లు వచ్చాకే మోగించాలి.

మనవాళ్లు ఎక్కువగా చేరే టెక్సాస్ రాష్ట్రంలో కథ ఇంకా గట్టిది. టెక్సాస్ విశ్వవిద్యాలయం, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ పాత ప్రత్యర్థులు. ఏ అండ్ ఎమ్ మైదానం కైల్ ఫీల్డ్‌లో టెక్సాస్ 18 ఏళ్లపాటు గెలవలేకపోయింది. 1941లో ఆస్టిన్ నగరంలోని ఆ టెక్సాస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జోస్యం చెప్పే ఒకావిడ దగ్గరికి వెళితే, ఎర్ర కొవ్వొత్తులు వెలిగించండి అందట. వెలిగించారు. 23-0తో గెలిచారు. అయితే ఆ జట్టు అదే సీజన్‌లో ఒక దశలో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉన్న జట్టు. ఆ సంగతి వెనక్కిపోయి కొవ్వొత్తులు మిగిలాయి. అవతల ఏ అండ్ ఎమ్ విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు. 1922 జనవరి 2న డల్లాస్‌లో ఆటగాళ్లు ఒక్కొక్కరే గాయపడుతుంటే, పత్రికల గదిలో ఆటగాళ్లను గుర్తుపట్టి చెబుతున్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ కిందికి పిలిచాడు. అతను దుస్తులు మార్చుకుని, అవసరమైతే దిగడానికి చివరిదాకా నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు. పన్నెండో మనిషి అనే పేరు అక్కడిదే. ఇలాంటి నమ్మకం నాకు ఇష్టం. లక్షమంది కలిసి నిలబడి అరిస్తే ఎదుటి జట్టుకు తమ సంకేతాలు నిజంగానే వినపడవు. తమ్ముడు నీళ్లకని లేచినందుకు ఓడిపోయామని వాడి మీద అరవడం మాత్రం నాకు నచ్చదు. అది ఆ పసివాడి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు శక్తి గురించి. ఈ టెక్సాస్, ఏ అండ్ ఎమ్ పోటీయే 2011 నవంబరు 24న కైల్ ఫీల్డ్‌లో ఆఖరి క్షణాన టెక్సాస్ కొట్టిన 40 గజాల కిక్కుతో 27-25గా ముగిసి, ఆ తర్వాత ఆగిపోయింది. ఏ దిష్టీ ఆపలేదు. అదే ఏడు ఈఎస్‌పీఎన్ అనే క్రీడా ప్రసార సంస్థతో కలిసి టెక్సాస్ సొంత టీవీ ఛానల్ పెట్టుకుంది. 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం. ఏ అండ్ ఎమ్‌కు అది మింగుడుపడలేదు, 2012లో వేరే సమాఖ్యకు వెళ్లిపోయింది. 2024లో టెక్సాస్ కూడా అదే సమాఖ్యలో చేరాకే రెండూ మళ్లీ తలపడ్డాయి. అప్పుడు టెక్సాస్‌తోపాటు ఓక్లహోమా కూడా వెళ్లింది. దాంతో నూరేళ్లకు పైగా సాగిన ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ పోటీ 2023తో నిలిచిపోయింది.

టీవీ డబ్బుకు ఈ దారి తెరిచింది కూడా ఓక్లహోమాయే. అంతకుముందు ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది, టీవీ చూస్తే జనం స్టేడియాలకు రారన్న భయంతో. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ పట్టును చెల్లదంది. అప్పటినుంచి ఎవరి హక్కులు వాళ్లే అమ్ముకుంటున్నారు. ఇప్పుడు పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫోర్డ్ అట్లాంటిక్ పేరున్న సమాఖ్యలో ఆడుతోంది. చదువుకుంటూ ఆడే కుర్రాళ్లు ఖండం దాటి ఎగరాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

స్టేడియానికి వెళితే ఈ శక్తిని కంటితో చూడొచ్చు. పక్క గీత దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి ఒకరుంటారు. టీవీలో ప్రకటనలు అయ్యేదాకా ఆయన తప్పుకోరు, ఆయన తప్పుకునేదాకా రిఫరీ ఆట మొదలుపెట్టడు. అందుకే గంట గడియారపు ఆటకు మూడు గంటలు దాటుతుంది. చాలా ఆటల వేళను కూడా ఛానళ్లు 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందే ఖాయం చేస్తాయి. కాబట్టి వేళ తెలియకుండా శనివారం రాత్రి తిరుగు విమానం కొనకండి. ఇంట్లోవాళ్లతో కలిసి చూడాలంటే ఇదీ గుర్తుంచుకోండి: అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12 అంటే ఇక్కడ మన దేశంలో రాత్రి 9:30, నవంబరు మొదటి ఆదివారం తర్వాత 10:30.

ఇంతా విన్నాక కూడా దిష్టి మీద అనుమానం తీరకపోతే ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి ఫీల్డ్ గోల్‌కు ఒక వరుస. కిక్కు తన్నకముందే దూరం రాయాలి, బంతి నడుమ ఉందా ఏ హ్యాష్ మీద ఉందా రాయాలి, వ్యాఖ్యాత పొగిడాడా లేదా రాయాలి. ఫలితం తెలిశాక రాస్తే మనసు మనల్ని మోసం చేస్తుంది. మామూలు సీజన్‌లో ఒక జట్టుకు 12 ఆటలు, రెండు జట్ల కిక్కులూ రాస్తే చాలినన్ని వరుసలు వస్తాయి. చివర్లో 40 గజాల లోపువి, పైవి విడదీసి, పొగిడినవాటిలో వందకెన్ని తప్పాయో, పొగడనివాటిలో వందకెన్ని తప్పాయో వేర్వేరుగా లెక్కకట్టండి. విడదీయడం మరవొద్దు. కష్టమైన కిక్కుల ముందే వ్యాఖ్యాతలు ఎక్కువ మాట్లాడతారు కనుక, అన్నీ కలిపేస్తే దిష్టి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య