సీ కంపైలర్ అడిగే డిక్లరేషన్: యాభై ఏళ్ల నాటి ఒక సర్దుబాటు కథ

2024 మేలో జీసీసీ అనే సీ కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) 14వ వెర్షన్ వచ్చాక, ఏళ్ల తరబడి నిక్షేపంలా కంపైల్ అవుతున్న సీ ప్రోగ్రాములు చాలా ఆగిపోయాయి. కోడ్‌లో ఎవరూ ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అంతవరకు వార్నింగ్‌గా కనిపించిన 'ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్' (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో ముందే చెప్పే డిక్లరేషన్ లేకుండా దాన్ని పిలవడం) ఆ వెర్షన్‌లో ఎర్రర్ అయింది, అంతే. ఈ వార్నింగ్ అసలు ఎందుకు ఉందో తెలియాలంటే సీ పుట్టిన అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ రోజుల దాకా వెళ్లాలి.

సీకి ముందు అక్కడ కెన్ థాంప్సన్ తయారుచేసిన 'బీ' భాష ఉండేది. అందులో టైపులే (విలువ ఏ రకమో చెప్పే గుర్తులు) లేవు, ప్రతి విలువా ఒక మెషీన్ వర్డ్, అంటే మెషీన్ ఒకేసారి పట్టుకునే బిట్ల గుంపు. 1970ల మొదట్లో డెనిస్ రిచీ దానికి టైపులు చేర్చి సీగా మలిచారు. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ని పిలిస్తే అది ఇంట్ (పూర్ణాంకం) ఇస్తుందని అనుకోవడం అప్పుడే స్థిరపడింది. వాళ్ల పీడీపీ-11 మెషీన్‌లో ఇంట్, పాయింటర్ (మెమరీ అడ్రస్) రెండూ 16 బిట్లే. ఊహ తప్పినా చాలాసార్లు పని జరిగిపోయేది.

కానీ సీలో ఒక్కో ఫైలూ విడిగా కంపైల్ అవుతుంది. చివర్లో అన్నిటినీ కలిపే లింకర్ పేర్లు మాత్రమే చూస్తుంది, టైపులు చూడదు. ఒక ఫైల్‌లోని ఫంక్షన్ డబుల్ (దశాంశ సంఖ్య) అడుగుతుంటే ఇంకో ఫైల్ ఇంట్ పంపినా పట్టుకునేవాళ్లు లేరు. ఇలాంటివి వెతకడానికే స్టీఫెన్ జాన్సన్ బెల్ ల్యాబ్స్‌లో 'లింట్' అనే ప్రోగ్రాం రాశారు. తనిఖీ కంపైలర్ బయట ఉండిపోయింది.

1989లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ తెచ్చిన సీ స్టాండర్డ్, సీ++ భాష నుంచి ప్రోటోటైప్‌లను తెచ్చుకుంది. ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి పంపే విలువల) టైపులు ముందే చెప్తే కంపైలరే సరిచూస్తుంది. అయితే పాత కోడ్ చెడిపోకూడదని ఇంట్ ఊహను అలాగే ఉంచారు. డిక్లరేషన్‌లో ఫంక్షన్ పేరు తర్వాతి ఖాళీ బ్రాకెట్లకు 'ఆర్గ్యుమెంట్లు లేవు' అనే అర్థం కూడా ఇవ్వలేదు. 'ఎన్నో చెప్పడం లేదు' అనే పాత అర్థమే మిగిలింది. 1999 స్టాండర్డ్ ఆ ఊహను తీసేసింది. అయినా కంపైలర్లు వార్నింగ్‌తో సరిపెట్టాయి. 2015లో జీసీసీ 5 వచ్చేదాకా దాని డీఫాల్ట్ 1989 నాటి సీయే కాబట్టి, వార్నింగ్‌లు ఆన్ చేయనివాళ్లకు అదీ కనిపించేది కాదు. నా దృష్టిలో అసలు నష్టం ఈ ఆలస్యం వల్లే జరిగింది, ఎందుకంటే ఈలోగా ప్రపంచం 64 బిట్లకు మారింది.

ఉదాహరణకు గెట్‌ఎన్వ్ ఫంక్షన్. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (సిస్టం ప్రోగ్రాంకి అందించే సెట్టింగ్) విలువ ఉన్న చోటి అడ్రస్‌ని ఇస్తుంది. దాని డిక్లరేషన్ ఉన్న స్టడ్‌లిబ్ హెడర్ ఫైల్ కలపడం మరిచిపోతే పాత నియమం ప్రకారం కంపైలర్ దాన్ని ఇంట్ అనుకుంటుంది. 64 బిట్ లినక్స్‌లో ఆ అడ్రస్‌లోంచి 32 బిట్లే మిగులుతాయి. ఆ విలువలు ఉండే భాగం (స్టాక్) మెమరీలో బాగా పైన ఉంటుంది కాబట్టి, సగం తెగిన అడ్రస్ ఎక్కడికో చూపిస్తుంది. దాన్ని వాడగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని తాకినందుకు ప్రోగ్రాం ఆగిపోవడం. తప్పు ఒక చోట, క్రాష్ ఇంకో చోట. దాన్ని బలవంతంగా పాయింటర్‌గా మార్చినా (క్యాస్ట్ చేసినా) తెగిన సగం తిరిగి రాదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చాలాకాలం టర్బో సీ++ అనే పాత కంపైలర్ రాజ్యమేలింది. అక్కడ ఫైల్ డీఫాల్ట్‌గా సీపీపీ పేరుతో సేవ్ అయ్యేది. సీ++ నియమాలు వర్తించడంతో హెడర్ లేకపోతే 'ఫంక్షన్ షుడ్ హావ్ ఎ ప్రోటోటైప్' అని ఎర్రరే వచ్చేది. అలా నేర్చుకున్నవాళ్లు జీసీసీకి వచ్చాక అదే తప్పుకి వార్నింగ్ చూసి, ప్రోగ్రాం నడుస్తోంది కదా అని వదిలేసేవారు. పాత పుస్తకాల్లోని గెట్స్ (ఒక లైను చదివే ఫంక్షన్) ఇంకో చిక్కు. 2011 స్టాండర్డ్ దాన్ని తొలగించింది. అందుకే ఎస్‌టీడీఐవో హెడర్ ఉన్నా డిక్లరేషన్ లేదంటూ, ఎఫ్‌గెట్స్ వాడమని జీసీసీ సూచిస్తుంది. ఆ సూచన పాటించాల్సిందే. బఫర్ (చదివింది దాచే చోటు) దాటి రాయకుండా గెట్స్‌ని ఆపే మార్గం లేదు.

ఎర్రర్‌గా మార్చడానికి ఇంత కాలం పట్టడానికి కాన్ఫిగర్ స్క్రిప్టులు కూడా కారణమే. సిస్టంలో ఏ సౌకర్యాలు ఉన్నాయో తెలుసుకోడానికి ఇవి చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి చూస్తాయి. ఆ చిన్న ప్రోగ్రాంలోనే హెడర్ మరిచి ఎగ్జిట్ ఫంక్షన్‌ని పిలిచి ఉంటే, ఎర్రర్ రాగానే స్క్రిప్ట్ 'ఆ సౌకర్యం లేదు' అని రాసుకుని ముందుకు పోతుంది. సాఫ్ట్‌వేర్ తయారవుతుంది, ఒక ఫీచర్ మాత్రం చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఫెడోరా, జెంటూ అనే లినక్స్ రకాల డెవలపర్లు ఇలాంటి ప్యాకేజీలను వెతికి సరిచేశారు. పేరు రాని, ఓపిక కావాల్సిన పని అది. 2023లో క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ 16వ వెర్షన్, మరుసటి ఏడాది జీసీసీ 14 తలుపు మూయగలిగాయంటే దాని చలవే.

సీ23 అనే కొత్త స్టాండర్డ్ ఇంకో అడుగు వేసింది. ఖాళీ బ్రాకెట్లంటే ఇప్పుడు వాయిడ్ (ఆర్గ్యుమెంట్లు లేవు) అని రాసినట్టే. 2025లో వచ్చిన జీసీసీ 15 డీఫాల్ట్ అదే. పైన ఖాళీ బ్రాకెట్లతో డిక్లేర్ చేసి, కింద రెండు ఆర్గ్యుమెంట్లు పంపే పాత ప్రోగ్రాములకు ఇకపై 'టూ మెనీ ఆర్గ్యుమెంట్స్' అనే ఎర్రర్ వస్తుంది. స్టాండర్డ్ ఆప్షన్‌ని సీ17కి తగ్గిస్తే అది పోతుంది గానీ, డిక్లరేషన్‌లో ఆ రెండింటి టైపులు రాయడానికి పట్టేది ఒక్క నిమిషమే.