హెడ్‌సెట్ మెత్తగా ఉంటే సరిపోదు: చెవుల నొప్పి గురించి అపోహలు, వాస్తవాలు

మొన్న షట్టర్ లేపి ఇంకా కౌంటర్ తుడవక ముందే ఒక అమ్మాయి వచ్చి సంచిలోంచి మూడు హెడ్‌సెట్లు తీసి అద్దం మీద పెట్టింది. నయీంనగర్‌లో రూం తీసుకొని గ్రూప్స్‌కి చదువుతోందట, రోజుకు ఐదారు గంటలు వీడియో క్లాసులే. "అన్నా, మూడూ మంచిగనే పని చేస్తున్నయ్. కానీ ఏది పెట్టుకున్నా అరగంటకు చెవులు నొస్తున్నయ్. నా చెవులల్లనే ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. ఆ గొంతులో భయం స్పష్టంగా తెలుస్తోంది. వాళ్ల బాపు రోజూ ఫోన్ చేసి "చెవుల నరాలు పోతయ్ బిడ్డా, బంద్ చెయ్" అంటున్నాడట. మొదటిది 1,300, రెండోది 1,800, మూడోది 2,400. అంతా కలిపి 5,500 రూపాయలు. మూడింటినీ షాపులో పెట్టుకొని చూసే కొన్నది, మూడూ మెత్తగానే అనిపించాయట.

హన్మకొండ చౌరస్తా దగ్గర హెడ్‌సెట్లు అమ్ముతూ, రిపేర్ చేస్తూ నాకు పదకొండేళ్లు. ఇలాంటి మాట వినని వారం ఉండదు. రెండు వేల నుంచి ఐదు వేల లోపు ఆన్-ఇయర్, అంటే నేరుగా చెవి మీదే ఆనే హెడ్‌సెట్, కొనాలనుకునేవాళ్లు ఒక్క విషయం తెలియక రెండుసార్లు, మూడుసార్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కుషన్ మెత్తగా ఉంటే చెవికి హాయిగా ఉంటుంది.

కాదు. వేలితో నొక్కి చూసి, తలకు పెట్టుకొని ఒక పాట విని, "ఆ, మెత్తగుంది" అని బిల్లు కట్టేస్తారు. అదంతా రెండు నిమిషాల పని. ఆన్-ఇయర్ నొప్పి రెండు నిమిషాల్లో రాదు, ఇరవై నిమిషాలకో అరగంటకో మొదలవుతుంది. ఒక పక్కకే తిరిగి గట్టి దిండు మీద పడుకుంటే తెల్లారేసరికి చెవి ఎలా నొస్తుందో ఇదీ అంతే. చెవి దొప్పలో కొవ్వు దాదాపు ఉండదు, పల్చటి చర్మం, దాని కిందే మెత్తటి ఎముక. దాన్ని బయటి నుంచి హెడ్‌సెట్ ఒత్తుతుంటే వెనక నుంచి తల ఎముక అడ్డంగా ఉంటుంది, మధ్యలో చెవి నలిగిపోతుంది. ఓవర్-ఇయర్‌లో కుషన్ చెవి చుట్టూ కూర్చుంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది? కుషన్ నుంచి కాదు, తల మీది బ్యాండ్ బిగింపు నుంచి. ఆన్-ఇయర్ చెవిని మొత్తం కప్పదు, సందుల్లోంచి బేస్ (దమ్ దమ్మనే లోతైన శబ్దం) బయటికి పోతుంది, వంగితే హెడ్‌సెట్ జారుతుంది. ఈ రెండూ జరగకూడదని కంపెనీలు బిగింపు పెంచుతాయి. పైగా ఈ ధరలో అందరి తలలకూ ఒకటే సైజు బ్యాండ్. తల వెడల్పుగా ఉన్నవాళ్లకు అదే బ్యాండ్ ఎక్కువ సాగుతుంది, అంత గట్టిగా వెనక్కి ఒత్తుతుంది. అందుకే ఎవరో "చాలా కంఫర్ట్" అని ఐదు స్టార్లు ఇచ్చారంటే అది వాళ్ల తలకు కంఫర్ట్, మీ తలకు కాదు. మెత్తదనం మోసం చేసే సంగతి ఇంకొకటి ఉంది. చవక స్పాంజ్ ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా చదునైపోతుంది, ఆ తర్వాత చెవికి తగిలేది లోపలి ప్లాస్టిక్ జాలీయే. బొటనవేలితో నెమ్మదిగా, పది సెకన్లు నొక్కి పట్టుకోండి. గట్టి జాలీ వేలికి తగిలిందా, ఆ పీసు అక్కడే పెట్టేయండి.

ఆ అమ్మాయిని మూడూ వరుసగా పెట్టుకోమన్నాను, కళ్లద్దాలు తీయొద్దన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. షాపుల్లో పెట్టుకొని చూసేటప్పుడు ప్రతిసారీ అద్దాలు తీసి పక్కన పెట్టిందట! లావు ప్లాస్టిక్ ఫ్రేమ్, దాని కాడ సరిగ్గా కుషన్ కింద పడుతోంది. చెవులకు కమ్మలు, వాటి వెనక మర తల ఎముకకు గుచ్చుకుంటోంది. ముందు నుంచి బ్యాండ్ నొక్కుతుంటే వెనక నుంచి మర పొడుస్తోంది, పైన ఫ్రేమ్ కాడ కోస్తోంది. ఈ మూడూ కలిస్తే ఎవరి చెవికైనా నొప్పి రావాల్సిందే, ఆమె చెవుల్లో లోపమేమీ లేదు. ఆ మాట చెప్పగానే ముఖంలో టెన్షన్ సగం దిగిపోయింది.

కమ్మలు తీసి కూర్చోమంటే రెండో హెడ్‌సెట్ నలభై నిమిషాలు ఓర్చుకోగలిగింది. ఆ పీసు బ్యాండ్ లోపల స్టీల్ పట్టీ ఉంది కాబట్టి, రాత్రికి తన తల కంటే ఒక వేలు మందం ఎక్కువ వెడల్పున్న పుస్తకాల కట్టకు తొడిగి ఉంచమన్నాను, తెల్లారి చూసి చాలకపోతే ఇంకో రాత్రి. మూడు రోజుల తర్వాత వచ్చింది, గంటన్నర దాకా ఇబ్బంది లేదంది. అన్ని హెడ్‌సెట్లకూ ఇది చేయకండి. బ్యాండ్ మొత్తం ప్లాస్టిక్ అయితే జాయింట్ దగ్గర పటుక్కుమంటుంది. అలా విరిగినవి నా దగ్గరికి నెలకు రెండు మూడు వస్తాయి, అతికించినా ఎక్కువ రోజులు నిలవవు. 2,400 పెట్టింది మాత్రం ఆమెకు పనికిరాలేదు. తమ్ముడికిచ్చింది, వాడి తల సన్నం, వాడికి ఏ నొప్పీ లేదట. హెడ్‌సెట్ అదే, తల వేరు.

అపోహ: మొదట్లో నొస్తుంది, అలవాటైతే సర్దుకుంటుంది.

దీనితో పోయే డబ్బు కూడా తక్కువేం కాదు. కొత్త బ్యాండ్ కొంచెం వదులవుతుంది, కుషన్ కొంచెం చెవి ఆకారానికి వస్తుంది, నిజమే. కానీ పది నిమిషాలకే నొప్పి పుట్టించేది పది రోజులకు హాయిగా మారదు. "చూద్దాం, చూద్దాం" అనుకునే లోపు వాపసు ఇచ్చే గడువు అయిపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్నా, షాపులో కొన్నా, తెచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఒకసారి గంటసేపు ఆపకుండా పెట్టుకోండి. మీ అద్దాలతో, మీ కమ్మలతో, మీరు రోజూ వేసుకునే జడతోనే. గంట కాకముందే చేయి దానంతట అదే చెవి దగ్గరికి వెళ్లి హెడ్‌సెట్ జరుపుతోందంటే ఆ పీసు మీది కాదు, వెంటనే తిప్పి పంపండి. వాపసు పాలసీ లేని చోట, కూర్చొని అరగంట చూసుకోనివ్వని చోట ఈ వస్తువు కొనకండి. నా కౌంటర్ పక్కన ఒక కుర్చీ అందుకే వేశాను, అరగంట కూర్చొని కొనకుండా వెళ్లినవాళ్లు ఎంతోమంది. వాళ్లు వెళ్లినందుకు నాకు బాధ లేదు, కొని నొప్పితో తిరిగొస్తేనే బాధ.

అద్దాల కాడ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ విషయం నొప్పితో ఆగదు. కాడ వల్ల కుషన్ కొంచెం పైకి లేచి సందు పడుతుంది, ఆ సందులోంచి బేస్ పోతుంది, సౌండ్ పల్చగా అనిపించి వాల్యూమ్ పెంచుతాం. అసలు ప్రమాదం అక్కడుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల దాకా పరవాలేదు, పిల్లలకైతే అదే సమయానికి 75 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 83కి 20 గంటలు, 86కి 10 గంటలు, అట్లా. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే మీరు వింటున్న స్థాయి కనబడుతుంది, ఒకసారి చూసుకోండి. సన్న మెటల్ కాడలున్న ఫ్రేమ్‌కు మారితే నొప్పీ తగ్గుతుంది, వాల్యూమూ తగ్గుతుంది.

ఆ అమ్మాయి అడిగితే వాళ్ల బాపుతో నేనే ఫోన్లో మాట్లాడాను. మంచిర్యాల పక్కన పల్లె, పత్తి చేస్తారు. పెద్దమనిషి భయంలో తప్పేమీ లేదు, ఎవరో పంపిన మెసేజ్ చూసి బిడ్డ గురించి కంగారు పడ్డాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. బయటి చెవిని ఒత్తితే వినికిడి నరం దెబ్బతినదు, ఆ నరం తల ఎముక లోపల చాలా లోతున ఉంటుంది. వినికిడి పోయేది ఎక్కువ శబ్దం వల్ల. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు ఉంటాయి, అవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. హెడ్‌సెట్ తీసిన తర్వాత కూడా చెవిలో గుయ్యిమని మోగుతుంటే, చీము కారుతుంటే, నొప్పి లోపలి నుంచి వస్తుంటే మాత్రం నా దగ్గరికి రావద్దు, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "అయితే సౌండ్ తక్కువ పెట్టుకుంటే చాలునా సార్?" అన్నాడు. చాలు, మధ్య మధ్యలో తీసి చెవులకు గాలి తగలనిస్తే ఇంకా మంచిది అన్నాను.

హెడ్‌సెట్ పెట్టుకుంటే తల మీద గుంట పడుతుందన్న పుకారు వీడియో ఏ గ్రూపులో పుట్టిందో గానీ చిన్నపిల్లల దగ్గర్నుంచి అందరూ అడుగుతున్నారు. వెంట్రుకలు, చర్మం కాసేపు అణుగుతాయి, మళ్లీ లేస్తాయి. ఆ బరువుకు తల ఎముక వంగదు. దయచేసి ఆ వీడియో ఇంకొకరికి పంపకండి.

బ్లూటూత్ రేడియేషన్‌తో ప్రమాదమనే ముచ్చట కూడా అంతే. హెడ్‌సెట్లలో బ్లూటూత్ పవర్ మామూలుగా కొన్ని మిల్లీవాట్లే, చెవికి ఆనించి మాట్లాడే ఫోన్ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పవర్‌తో పని చేయగలదు. ఇక 40 మిల్లీమీటర్ల డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్), 30 మిల్లీమీటర్ల డ్రైవర్ అని డబ్బా మీద రాసేదానికీ చెవి హాయికీ సంబంధం లేదు.

బరువు తక్కువైతే నొప్పి ఉండదనేది సగం నిజం. సోనీ సీహెచ్520 147 గ్రాములు, జేబీఎల్ ట్యూన్ 510 దాదాపు 160 గ్రాములు, నడినెత్తి నొప్పికి ఆ తేలికదనం సాయపడుతుంది. కానీ సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అని 1988 నుంచి వస్తున్న ఆన్-ఇయర్ ఉంది, డీజేలు, షూటింగ్‌లో సౌండ్ చూసేవాళ్లు వాడతారు. అది సుమారు 140 గ్రాములే, ధర మన బడ్జెట్‌కు చాలా పైన. అయినా చెవిని గట్టిగా పట్టుకుంటుంది, కావాలనే అలా చేశారు, మోతలో నిలబడ్డా బయటి శబ్దం లోపలికి రాకూడదని, తల ఊపినా జారకూడదని. తేలికైనదీ ఖరీదైనదీ అయినంత మాత్రాన చెవికి హాయి అని కాదు.

నాకీ సంగతి మా నాయిన వల్ల బాగా అర్థమైంది. వయసుతో వినికిడి కొంచెం తగ్గి టీవీ సౌండ్ పెంచుతుంటే ఇంట్లో పిల్లల చదువులకు ఇబ్బంది అవుతోందని మంచి ఓవర్-ఇయర్ తెచ్చిచ్చాను. పది నిమిషాలకు తీసేశాడు, "చెవులు ఉడికిపోతున్నయ్ రా" అన్నాడు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే మన ఊళ్లో అది నిజం, చెవి చుట్టూ మూసేసే రెక్సిన్ లోపల చెమట కారుతుంది. తర్వాత పాత పద్ధతి స్పాంజ్ కుషన్ ఉన్న చిన్న వైర్డ్ ఆన్-ఇయర్ ఇచ్చాను, వదులు బ్యాండ్, గాలి ఆడుతుంది. అది పెట్టుకొని రెండు గంటలు వార్తలు చూస్తాడు. ఇలాంటి వాటిలో పేరున్నది కాస్ పోర్టా ప్రో, 1984లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. చెవి పైన తలకు ఆనే చిన్న మెత్తలు పెట్టి బరువును చెవి మీద నుంచి తీసేశారు, ఆ ఒత్తిడి ఎంత ఉండాలో జరుపుకోవడానికి చిన్న మీట కూడా ఉంది. ఇందులో సౌండ్ బయటికి వినబడుతుంది, హాస్టల్ రూంలో పక్కవాళ్లకు ఇబ్బంది, బస్సులో అసలు పనికిరాదు. ఒంటరిగా ఇంట్లో వినేవాళ్లకు మాత్రం ఎండాకాలంలో ఇంతకంటే హాయి లేదు.

చివరిగా కుషన్ల గురించి. రెక్సిన్ పొర చెమటకు, నూనెకు ఒకటి రెండు ఎండాకాలాల్లో పొట్టులా రాలుతుంది, అంతమాత్రాన హెడ్‌సెట్ పారేయకండి. చాలా మోడళ్లకు కుషన్లు విడిగా దొరుకుతాయి, గుండ్రటివి 60, 70 మిల్లీమీటర్ల సైజుల్లో ఎక్కువగా వస్తాయి. పాతదాన్ని అటూ ఇటూ స్కేల్‌తో కొలిచి తీసుకోండి. గుడ్డ కుషన్ దొరికితే అదే వేయండి, చెమట పీలుస్తుంది. వాడాక రోజూ పొడిగుడ్డతో తుడవండి, తలకు నూనె పెట్టుకున్న రోజు హెడ్‌సెట్ జోలికి పోకండి.